యాభై గజాల తాడు

పిడుగు పోయాక గాని వాడెంత గొప్ప ఆటగాడో హాకీ సంఘానికి తెలిసిరాలేదు. బతికున్నన్నాళ్ళూ చిరిగిన బూట్లకి అతుకులు వేయించుకుని ఆడినవాడు. ఇప్పుడు చూడాలి వైభోగం! అధ్యక్షుడి గదిలో వాడి ఫొటో, కార్యదర్శి చొక్కాకి వాడి బొమ్మ ఉన్న బిళ్ళ. ఆ కుర్రాణ్ణి మేమే కనిపెట్టాం, మేమే తీర్చిదిద్దాం అంటూ ఒకరి మీద ఒకరు పడి చెప్పుకుంటున్నారు. కన్నది కూడా తామేనని ఎవరూ అనలేదు, అంతవరకు నయం.

కన్న ఆవిడ బస్టాండు వెనక సందులో ఒక గది అద్దెకి తీసుకుని కుట్టుమిషను పెట్టుకుంది. కిటికీ తెరలు, దిండు గలీబులు, స్కూలు యూనిఫారాలు కుడుతుంది. పిడుగు అనే పేరు పెట్టింది కూడా ఆవిడే. మూడేళ్ళ వయసులో వాడు తెర కట్టే కర్రతో దారపు రీలుని ఒక్కటేసి ఎదురింటి కిటికీ అద్దం పగలగొట్టాడు. ఎదురింటివాళ్ళు తిట్టిపోస్తుంటే ఆవిడ తల వంచుకుని విన్నది గానీ, లోపలికొచ్చాక వాణ్ణి ఎత్తుకుని ముద్దు పెట్టుకుంది. సూటిగా కొట్టాడని! పందొమ్మిదేళ్ళొచ్చేసరికి దేశపు జూనియర్ జట్టు శిబిరానికి రమ్మని వాడికి పిలుపొచ్చింది. పిలుపొచ్చిన వారంలోనే పోయాడు.

మైదానంలో ఒక వైపు గోల్ వెనకాల పొడవాటి ఇటుక గోడ ఉంది. దానికి నిలువునా పగులు. కోచ్ అడగ్గా అడగ్గా సంఘం పెద్దలు వచ్చారు, చూశారు, గడ్డాలు నిమురుకున్నారు, పగులు మీద సున్నం కొట్టించి వెళ్ళారు. ఒక సాయంత్రం అందరూ వెళ్ళిపోయాక పిడుగు ఒక్కడే పెనాల్టీ కార్నర్ షాట్లు సాధన చేసుకుంటూ, గోల్ పక్కనుంచి వెళ్ళిపోయిన బంతి కోసం గోడ దగ్గరికెళ్ళాడు. సగం గోడ వాడి మీద పడింది. పెనుగాలికి జరిగిన ప్రమాదమని సంఘం పత్రికలవాళ్ళకి చెప్పింది. ఆ సాయంత్రం పిడుగు తల్లి వాకిట్లో ఆరేసిన రుమాలు కూడా కదల్లేదు, అంత పెనుగాలి.

తండ్రి లారీ మీద ఊళ్ళు తిరిగే మనిషి. కొడుకు పోయాక ఇంటికి రావడమే తగ్గించేశాడు. ఇంట్లో మిగిలింది ఆవిడా, కూతురూ. కూతుర్ని చిన్నది అంటారు. పదమూడేళ్ళ చిన్నది కూడా హాకీయే ఆడుతుంది, అదే మైదానంలో, మిగిలిన సగం గోడ ముందు.

"కొన్నాళ్ళు మానెయ్యవే," అంది తల్లి.

"అన్నయ్యయితే మానేవాడా?" అంది చిన్నది, కర్రకి పట్టీ చుట్టుకుంటూ.

మానేవాడు కాదు. ఆ సంగతి తల్లికి తెలుసు. కూతురు ఆట మానదు, తను మాన్పించలేదు. ఇక మిగిలింది గోడ ఒక్కటే. ఆ గోడ పోవాలి. పిడుగు తల్లికి అప్పటినుంచి అన్నం ముందు కూర్చున్నా, మిషను ముందు కూర్చున్నా అదే ఆలోచన.

సంఘం ఆఫీసుకెళ్ళింది. "ఆ మిగిలిన సగం కూడా పడగొట్టించండయ్యా. నా కూతురు ఆడుతోంది అక్కడ. ఇంకా ఎంతమంది పిల్లలో."

అధ్యక్షుడు కళ్ళజోడు తీసి అద్దాలు తుడుచుకున్నాడు. ఆయన ఏడుస్తున్నాడనుకుని కార్యదర్శి తనూ జేబురుమాలు తీసి కళ్ళొత్తుకున్నాడు. పరిశీలిస్తామన్నారు. ఆ మాటకి అర్థం ఆవిడకి తెలియంది కాదు. గోడకి చెప్పుకున్నా ఒకటే, వీళ్ళకి చెప్పుకున్నా ఒకటే అనుకుంటూ మెట్లు దిగింది.

వాళ్ళ ఇబ్బంది వాళ్ళకుంది పాపం. పడగొట్టిస్తే అది పాడు గోడేనని ఒప్పుకున్నట్టవుతుంది. పాడు గోడయితే అది పడేదాకా మీరేం చేస్తున్నారని ఎవడో ఒకడు అడుగుతాడు. అడక్కుండా ఉండాలంటే ఏం చెయ్యాలా అని పెద్దలు తలలు బద్దలుకొట్టుకున్నారు. సంఘంలో తెలివికి లోటు లేదు. సిమెంటుకే లోటు.

రెండోసారి వెళ్ళేసరికి అధ్యక్షుడు ఎదురొచ్చి కుర్చీ వేయించాడు.

"ఇప్పుడది గోడ కాదమ్మా, స్మారకం!" అన్నాడు. "దాని మీద మీ అబ్బాయి బొమ్మ వేయిస్తున్నాం, నిలువెత్తు బొమ్మ. తరతరాలు ఉండిపోతుంది."

"బొమ్మ ఎక్కడైనా వేయించుకోవచ్చు కదయ్యా. గోడ తీయించండి."

అధ్యక్షుడు గుండె మీద చెయ్యి వేసుకున్నాడు. "మీ అబ్బాయి ముఖాన్ని గునపాలతో పొడిపించమంటారా? కన్నతల్లి అయ్యుండి ఆ మాట ఎలా వచ్చిందమ్మా మీ నోట?"

అక్కడున్నవాళ్ళంతా ఆవిడ వంక అదోలా చూశారు. ఆవిడ కుర్చీలోంచి లేచి బయటికొచ్చేసింది. కొడుకుని చంపిన గోడకి కొడుకునే కాపలా పెట్టారు! ఆ పూటంతా మిషను తొక్కలేదు.

పది రోజులు తిరక్కుండా కార్యదర్శి ఆవిడ కుట్టుమిషను కొట్టుకి వచ్చాడు. నున్నగా దువ్వుకున్న తల, మొహాన నవ్వు, చంకలో నీలం సిల్కు గుడ్డ.

"అమ్మా, ఆవిష్కరణకి పరదా మీ చేత్తోనే కుట్టాలని పెద్దాయన కోరిక. తల్లి కుట్టిన పరదా అంటే పేపర్లో ఎంత బాగుంటుందో చూడండి!"

ఆవిడకి ఒళ్ళు మండింది. గుడ్డ తీసి వాడి మొహాన కొడదామనుకుంది. కానీ ఎన్నాళ్ళ అలవాటో, చెయ్యి దానంతటదే టేపు అందుకుంది. "కొలతలు చెప్పు."

అతను పొడవు చెప్పాడు, వెడల్పు చెప్పాడు. వెళ్ళబోతూ గుమ్మం దగ్గర ఆగాడు. "తాడు మాత్రం కాస్త పొడుగ్గా ఉండాలమ్మా. యాభై గజాలు."

"యాభై గజాలా! ఏం చేసుకుంటారయ్యా అంత తాడు?"

"వేదిక మైదానం మధ్య గీత దగ్గర వేస్తున్నాం కదా. పెద్దాయన అక్కడే నిలబడి లాగుతారు." అతను గొంతు సవరించుకున్నాడు. "అంటే, ఆయనకి మోకాళ్ళ నొప్పులు."

"మరి పిల్లలు?"

"పిల్లలకేమమ్మా, గోడ కిందే కుర్చీలు వేయిస్తాం. నీడగా ఉంటుంది."

పిడుగు తల్లి నవ్వింది. కొడుకు పోయాక ఆవిడ నవ్వడం అదే మొదలు. తెలుసన్నమాట వీళ్ళకి. గోడ సంగతి తనకెంత తెలుసో వీళ్ళకీ అంతే తెలుసు. ఎంత దూరంలో నిలబడితే ప్రాణానికి భయం లేదో కూడా కొలుచుకున్నారు.

"అలాగే బాబూ. పరదా బ్రహ్మాండంగా కుడతాను," అంది.

కుట్టింది కూడా. అంచుకి వెండి రంగు పట్టీ, మడతలన్నీ ఒక్క తీరున. తాడు మాత్రం ఒక్క బారెడు వేసింది. లాగాలంటే గోడ పక్కన నిలబడే లాగాలి.

ఆవిష్కరణ నాటి పొద్దున కోచ్ నిచ్చెన తెచ్చాడు. చిత్రకారుడు బొమ్మని గోనెపట్టాలతో కప్పి వెళ్ళాడు. పట్టాలు తీసి పరదా కట్టాలి. తాడు చూసి కోచ్ ఆవిడ మొహంలోకి చూశాడు.

"ఇంతేనా అక్కా?"

"ఇంతే తమ్ముడూ."

"అడిగి అడిగి నోరు మూసుకున్నవాణ్ణి. ఇవాళ నేనెక్కుతానులే," అన్నాడతను.

అతను పట్టాలు తీస్తున్నంతసేపూ ఆవిడ గోడకి వీపు తిప్పి నిలబడింది. ఆ బొమ్మ చూడకూడదు. చూస్తే తన పట్టుదల నీరుగారిపోతుందేమోనని భయం. ఎలాగూ ఏ తలాతోకా లేని బొమ్మో వేసుంటారు, వీళ్ళ మొహాలకి అంతకన్నానా అని మనసుకి సర్దిచెప్పుకుంది.

జనం బాగానే వచ్చారు. పిల్లల తల్లిదండ్రులు, పత్రికలవాళ్ళు, ఎందుకొచ్చారో తెలియనివాళ్ళు. గోడ కింద పిల్లల కుర్చీలు వరసగా వేసున్నాయి. ఆవిడ తిన్నగా వెళ్ళి పిల్లల్ని ఒక్కొక్కరినీ లేపి వేదిక వెనక్కి తోలింది.

"అయ్యో, అక్కడ ఎండమ్మా! ఇక్కడైతే నీడ," అంటూ కార్యదర్శి పరిగెత్తుకొచ్చాడు.

"నీడయితే మీరు కూర్చోండి. పెద్దవాళ్ళు, ఎండ పడదు మీకు."

ఈలోగా మైకు గుర్రుమంది, కార్యదర్శి బతికిపోయాడు.

అధ్యక్షుడు చాలాసేపు మాట్లాడాడు. గోల్ కీపర్‌గా ఉండి పిడుగు కొట్టిన గోల్స్ లెక్కలేనన్ని అన్నాడు. వాడు గోల్ కీపర్ కాదని వెనకనుంచి చిన్నది గట్టిగానే అంది గానీ చప్పట్లలో కలిసిపోయింది. "వాడి ఆటలాగే ఈ గోడా ఉక్కులాంటిది! ఎప్పటికీ చెక్కుచెదరదు!" అని ముగించి, తాడు కోసం చెయ్యి చాచాడు.

చేతికి ఏమీ తగల్లేదు. ఆయన కార్యదర్శిని చూశాడు. కార్యదర్శి బల్ల కిందికి వంగి చూసి, లేచి, పిడుగు తల్లిని చూశాడు.

"తాడేదమ్మా?"

"పరదాకే ఉంది బాబూ. ఎక్కడికి పోతుంది?"

అందరూ గోడ వంక చూశారు. అంత పెద్ద నీలం పరదా, దాని పక్కన పిలక జడంత తాడు. వేదిక మీద మర్యాదలు మొదలయ్యాయి. మీరు వెళ్ళండంటే మీరు వెళ్ళండి. కార్యదర్శి ఉపాధ్యక్షుణ్ణి పొగిడాడు, ఉపాధ్యక్షుడు కోశాధికారిని పొగిడాడు, కోశాధికారికి ఉన్నట్టుండి ఫోనొచ్చింది. చివరికి అధ్యక్షుడే తేరుకున్నాడు. ఊరికే అధ్యక్షుడయ్యాడా?

"అసలు ఇది కన్నతల్లి చేతుల మీదుగా జరగాలి!" అన్నాడు మైకులో, గొంతు బొంగురు చేసుకుని. జనం చప్పట్లు కొట్టారు.

"లాగుతానయ్యా," అంటూ ఆవిడ లేచింది. "మీరు పక్కన నిలబడండి. నా కొడుకుని కనిపెట్టినవారు కదా, ఫొటోలో మీరు లేకపోతే ఏం బాగుంటుంది?"

"అవును సార్, రండి సార్!" అన్నాడు పత్రిక ఫొటోగ్రాఫరు. పాపం, అతను అమాయకంగానే అన్నాడు.

ఇక తప్పలేదు. అధ్యక్షుడు వేదిక దిగాడు. కాళ్ళు ముందుకి, ప్రాణం వెనక్కి. వెనకాల కార్యదర్శి, అతని వెనకాల మిగతా పెద్దలు. గోల్ ముందుండే అర్ధచంద్రం గీత దాకా వచ్చి అధ్యక్షుడు ఆగిపోయాడు. ఆవిడ అప్పటికే గోడ దగ్గరికి వెళ్ళి తాడు పట్టుకుని నిలబడి ఉంది.

"రండయ్యా. ఉక్కుగోడే కదా."

"ఇక్కణ్ణుంచే బాగా కనిపిస్తుందమ్మా."

అప్పుడు వీచింది గాలి. పెనుగాలేం కాదు, చెమట ఆరేంత గాలి. పరదా ఒక్కసారి పొంగి టపటపా కొట్టుకుంది. ఆ చప్పుడికి గోడ మీదున్న పావురం ఒకటి లేచిపోయింది.

"బాబోయ్!" అని అరిచి అధ్యక్షుడు కాళ్ళకి బుద్ధి చెప్పాడు. ఆ పరుగు చూసి తీరాలి! మధ్య గీత దాటాడు, వేదిక దాటాడు, మోకాళ్ళ నొప్పులు ఎక్కడ జారిపోయాయో గానీ అవతలి గోల్ దగ్గర గాని ఆగలేదు. కార్యదర్శి ఆయన్ని దాటుకునే పోయాడు. ఫొటోగ్రాఫరు తన పని తను చేసుకున్నాడు.

గోడ కూలలేదు. పరదా మళ్ళీ మామూలుగా వేలాడింది. మైదానంలో ఎవరూ నవ్వలేదు. తల్లిదండ్రులు ఒక్కొక్కరే లేచి తమ పిల్లల చేతులు పట్టుకున్నారు. ఆ గోడ ఉన్నన్నాళ్ళూ పిల్లల్ని పంపేది లేదని కోచ్‌తో చెప్పి వెళ్ళిపోయారు. గోడ కింద పిడుగు తల్లి ఒక్కతే తాడు పట్టుకుని నిలబడిపోయింది. తాడు లాగలేదు.

మర్నాడు ఆ పరుగు ఫొటో ఊరంతా చూసింది. వారం తిరక్కుండా, పిల్లల భద్రతే తమ ప్రాణమనీ ఎంతో ముందుచూపుతో గోడ తీయించేస్తున్నామనీ సంఘం ప్రకటించింది. ముందుచూపు ఎంత దూరమో అందరికీ తెలుసు, యాభై గజాలు.

గోడ తీసే రోజు ఆవిడ మధ్యాహ్నానికే మైదానానికి వచ్చింది. పరదా ఇంకా దానికే ఉంది. కూలీ మేస్త్రీ దాన్ని చేత్తో తడిమి చూశాడు.

"మంచి గుడ్డమ్మా. దుమ్ము కొట్టుకుపోకముందే తీసుకుంటావా?"

గుడ్డ మీద ఆశతోనే లాగింది తాడు. పరదా జారి భుజాల మీద పడింది. ఆవిడ తలెత్తి చూసింది.

పిడుగు! వాడే. బంతి కొట్టబోయే ముందు నాలిక కొస పెదవి మూలకి నొక్కిపెట్టడం వాడి అలవాటు. అలాగే ఉన్నాడు. చొక్కా ఎడమ భుజం మీద ఆవిడ వేరే రంగు దారంతో కుట్టిన అతుకు కూడా ఉంది. ఎవడో మహానుభావుడు ఎంత శ్రద్ధగా వేశాడో!

"ఆ ఫొటో నేనే ఇచ్చానమ్మా బొమ్మ వేసినాయనకి," అంది పక్కనుంచి చిన్నది. కర్ర భుజాన వేసుకుని అప్పుడే వచ్చింది.

"నాకు చెప్పలేదేం?"

"చెప్తే పరదా కుట్టేదానివా?"

మేస్త్రీ ఒకసారి బొమ్మని చూశాడు, ఒకసారి ఆవిడని చూశాడు. సంగతి అర్థమై గునపం దించాడు.

"పై నుంచే కొట్టుకు రావాలమ్మా. ముందు ముఖమే పోతుంది. కావాలంటే ఇవాళ్టికి ఆపేస్తాను. రేపు చూసుకుందాం."

ఆవిడకి ఔననాలనే ఉంది. ఒక్క రోజు, ఒక్క పూట చూసుకోవాలని ప్రాణం కొట్టుకుపోతోంది. పరదాని మడత మీద మడత వేసుకుంటూ, ఏ మడతకామడత చేత్తో సాపు చేసుకుంటూ కొడుకు ముఖంలోకి చూస్తూనే ఉంది. వెనకాల చిన్నది ఆగలేక బంతిని అటూ ఇటూ తడుతోంది, టక్, టక్ అని.

"ఆపకయ్యా," అంది తల్లి. "పొద్దు వాలకముందే కానిచ్చెయ్యి. సాయంత్రం పిల్లలు ఆడుకోవాలి."