మిరియానికో పని

జ్ఞానప్రసూన పాత తువ్వాలును వంటింటి నేలమీద పరిచి, ఉడికించిన చిలగడదుంపను గోరంత ముక్కలు చేసి అక్కడక్కడా పెట్టి, చాప చుట్టినట్టు చుట్టింది. మధ్యలో ఒక ముడి కూడా వేసింది. ముడి ఉంటే కాస్త ఎక్కువసేపు కష్టపడుతుంది. ఈ ఇంట్లో కష్టపడకుండా తిన్నవాళ్ళు లేరు, కుక్కకి మాత్రం ఎందుకు ఆ గారం అని ఆవిడ వాదన.

"లే నాయనా, తెల్లారింది. ఇవాళ బాగా ఆడాలి."

మిరియం కళ్ళు తెరిచింది కానీ కదల్లేదు. అది పొట్టి కాళ్ళ, పొడుగు నడుము కుక్క. ఒళ్ళు నలుపు. ఒకప్పుడు గోధుమరంగులో ఉన్న మూతి ఇప్పుడు పిండిలో ముంచినట్టు తెల్లబడింది. ఆ ఇంటి పిల్ల హంసిక ఐదేళ్ళదిగా ఉన్నప్పుడు దాన్ని తెచ్చారు. ఆ పిల్ల పెప్పర్ అని పేరు పెడితే, నోరు తిరగక జ్ఞానప్రసూన ఆ పూటే మిరియం అనేసింది. అదే ఖాయమైంది. నిరుడు చలికాలంలో వెన్నుపూస జారి వెనక కాళ్ళు పడిపోయాయి. అప్పట్నుంచీ ముందుకాళ్ళతో ఈడ్చుకుంటూ తిరుగుతోంది. చెక్కనేల మీద జారకుండా జ్ఞానప్రసూన ఇల్లంతా యోగా చాపలు పరిచింది. వాటిమీద యోగా చేసిన పాపాన మాత్రం ఆ ఇంట్లో ఎవరూ పోలేదు.

నడవలేని కుక్కకి విసుగే అసలు జబ్బు, కాళ్ళకి లేని పని ముక్కుకీ బుర్రకీ ఇవ్వమని డాక్టరు అప్పట్లో చెప్పింది. ఆ మాట మీద జ్ఞానప్రసూన పట్టినపట్టు విడవలేదు. పొద్దున తువ్వాలు ముడి. ఎండెక్కక ముందు, ఎవరో పాతసామాన్ల గరాజ్ సేల్‌లో అమ్మేసిన పసిపిల్లల బండిలో కూర్చోబెట్టి వీధంతా తిప్పడం. ప్రతి ఇంటి మెయిల్‌బాక్స్ దగ్గరా ఆగి, దాన్ని దింపి, ఏ కుక్క వచ్చి వెళ్ళిందో వాసన చూడనివ్వడం. మధ్యాహ్నం కేకుల పళ్ళెం గుంటల్లో తిండి పెట్టి, పైన టెన్నిస్ బంతులు మూసి తీయించడం. సాయంత్రం ఏదో ఒక కొత్త వాసన: ఇండియన్ స్టోర్ అట్టపెట్టె, కరివేపాకు రెమ్మ, హంసిక నాన్న గోపాల్ ఊరినుంచి వచ్చి విప్పిన బూట్లు. పసిపిల్లని సాకడమే తేలికేమో అని మోకాళ్ళు పట్టుకుని లేస్తూ అనుకునేది. ఆ మోకాళ్ళని మాత్రం ఏ డాక్టరుకీ చూపించుకోలేదు.

ఆవిడ చేసిందల్లా సాకడమే. భర్త భీమశంకరం డాలస్ దగ్గర ఒక హోటల్లో వంటవాడిగా వచ్చి, స్థిరపడుతున్నాం అనుకుంటుండగా గుండె ఆగి పోయాడు. ఆ తర్వాత ఆవిడ తెలుగువాళ్ళ ఇళ్ళల్లో పిల్లల్ని చూసుకునే పనికి కుదిరింది. ఎందరికో పప్పన్నం ముద్దలు పెట్టింది, తలంట్లు పోసింది, ఆవకాయ అలవాటు చేసింది. వాళ్ళు పెరిగి, కార్లు నడపడం నేర్చి వెళ్ళిపోయారు. ఇప్పుడెక్కడైనా పెళ్ళిళ్ళలో కనిపిస్తే "హాయ్ ఆంటీ" అని ఫోన్ చూసుకుంటూ ముందుకు నడుస్తారు. ఆవిడకి కోపం లేదు. అలసట ఉంది. డాలస్ శివారు కాపెల్‌లో ఈ ఇల్లు ఆవిడ పనిచేసినవాటిలో చివరిది. హంసిక ఆస్టిన్‌లో కాలేజీకి వెళ్ళినప్పుడు ఆవిడ పెట్టె సర్దుకుంటే హంసిక తల్లి రేణు ఆపింది. "మిరియాన్ని ఎవరు చూస్తారు ఆంటీ? ఉండండి." అలా ఒక కుక్క ఆవిణ్ణి ఉంచింది. పొద్దున్నే మంచం దిగడానికి ఆవిడకి ఉన్న కారణం ఇప్పుడది ఒక్కటే.

ఆ కారణం ఉంటుందో పోతుందో ఇవాళ తేలుతుంది.

రేణు లాప్‌టాప్ చంకలో పెట్టుకుని కాఫీకి వచ్చింది. చాపమీద తువ్వాలు వంకా, దాన్ని ముట్టకుండా పడుకున్న కుక్క వంకా చూసింది.

"ఆంటీ, డాక్టర్ ఈవినింగ్ ఇంటికే వస్తోంది. దానికి ఆటమీద ఇంకా ఇంట్రెస్ట్ ఉందంటే మందులు చేంజ్ చేసి చూస్తానంది. లేదంటే మాత్రం... ఇవాళే ఇంజెక్షన్ ఇచ్చి నిద్రపుచ్చేద్దాం అనుకున్నాం. గోపాల్‌తో, హంసికతో కూడా మాట్లాడేశాను. బాధపడుతూ ఎన్నాళ్ళుంచుతాం?"

అందరితో మాట్లాడారు, నాతో తప్ప అని జ్ఞానప్రసూనకి నోటిదాకా వచ్చింది. మింగేసింది.

"ఆడుతుందమ్మా. డాక్టరమ్మ ముందు బంగారంలా ఆడుతుంది, నువ్వే చూద్దువుగాని."

కాసేపటికి హంసిక ఫోన్ చేసింది. "ఆంటీ, నాకు ఎగ్జామ్ ఉంది, రాలేను. మిరియం హ్యాపీగా ఉందా? నువ్వు చెప్తేనే నేను బిలీవ్ చేస్తా."

"ఉందమ్మా," అంది జ్ఞానప్రసూన. ఆ మాట నిజమో కాదో తనకే తెలియక, పప్పు మాడుతోందని చెప్పి ఫోన్ పెట్టేసింది. పొయ్యిమీద పప్పు లేదు.

శుక్రవారం కదా, తలస్నానం చేసింది. దేవుడి అలమర ముందు దీపం పెట్టింది. ఏళ్ళ తరబడి ప్రతి శుక్రవారం చేసినట్టే సాంబ్రాణి కూడా వేసింది. ఇవాళ మొక్కుకోవాల్సింది పెద్దది కాబట్టి గుప్పెడు ఎక్కువే వేసింది. వంటింటి పొగగొట్టం ఫ్యాను తిప్పి, స్మోక్ అలారం కింద ఒక చేత్తో చీరచెంగు విసురుతూ, రెండో చేత్తో ధూపం పట్టుకుని గది గదికీ తిరిగింది. మిరియం పరుపు చుట్టూ మూడుసార్లు తిప్పింది. "తల్లీ, ఈ ఒక్క గండం గట్టెక్కించు," అంది. పొగ పల్చగా పరుచుకుని, సోఫాలకీ తెరలకీ పట్టింది. ఇల్లు గుడిలా ఉందని తృప్తి పడింది.

డాక్టరమ్మ వచ్చేసరికి ఎండ ఇంకా తగ్గలేదు. పొడుగ్గా, ఎర్రటి బేస్‌బాల్ టోపీ పెట్టుకుని ఉంది. నేలమీద బాసింపట్టు వేసుక్కూర్చుని కుక్క వెన్ను నిమిరింది, చిగుళ్ళు చూసింది. జ్ఞానప్రసూన కొత్తగా చుట్టిన తువ్వాలు తెచ్చి పెట్టింది.

మిరియం దానివంక చూసింది. ముక్కు ఒకసారి ఆడించి, తుమ్మి, మొహం తిప్పుకుంది. బంతుల పళ్ళెం తెచ్చింది. దానికీ అంతే. గుప్పిట్లో ముక్క పెట్టుకుని మూతి దగ్గర పట్టింది. మళ్ళీ తుమ్మి, తల కాళ్ళమీద వాల్చేసింది. "మిరియం, ఒక్కసారి నాయనా, ఒక్కసారి," అంటూ జ్ఞానప్రసూన ముక్కని ఇంకా దగ్గరికి జరిపింది.

రేణు కళ్ళు తుడుచుకుంటూ లేచి, గాలి ఆడక పెరటి తలుపు తీసింది.

పక్కింట్లో ఎవరో మాంసం కాలుస్తున్నారు. ఆ గాలి లోపలికి రాగానే మిరియం తలెత్తింది. ముక్కుపుటాలు అదిరాయి.

"అయ్యో, నా బుద్ధి మండా!" జ్ఞానప్రసూన నుదురు కొట్టుకుంది. "సాంబ్రాణమ్మా! ఇల్లంతా నేనే పొగబెట్టాను. దాని ముక్కుకి ఇంకేం తెలుస్తుంది?" డాక్టరు వైపు తిరిగి తనకి వచ్చిన ఇంగ్లీషంతా పోగుచేసింది. "స్మోక్, డాక్టర్. మై మిస్టేక్. ఔట్‌సైడ్... వన్ టైమ్ ప్లీజ్."

డాక్టరమ్మ దేవుడి అలమర వైపు చూసి, అర్థమై, తనే కుక్కని ఎత్తుకుని పెరట్లోకి నడిచింది. కాస్త దూరంలో పచ్చికమీద చిలగడదుంప ముక్క పెట్టి, తన టోపీ తీసి దానిమీద బోర్లించింది.

మిరియం గాలి పీల్చింది. ముందుకాళ్ళు ఆనించి ఒళ్ళు లాగింది. పొట్ట గడ్డిమీద రాసుకుంటోంది, వెనక కాళ్ళు తడిగుడ్డల్లా వస్తున్నాయి. మధ్యలో ఆగి రొప్పింది. మళ్ళీ లాగింది. చివరికి టోపీ అంచుకి ముక్కు తగిలించి, తోక ఒక్కసారి నేలకి కొట్టింది.

"బుర్ర చక్కగా ఉంది," అని నవ్వింది డాక్టరమ్మ ఇంగ్లీషులో. "మందు మార్చి కొన్ని వారాలు చూద్దాం." రేణు వచ్చి జ్ఞానప్రసూనని గట్టిగా వాటేసుకుంది. "మీరే కరెక్ట్ ఆంటీ!"

జ్ఞానప్రసూన గెలిచింది. ఈ దేశంలో ఆవిడ మాట నెగ్గిన సందర్భాలు వేళ్ళమీద లెక్కపెట్టొచ్చు. కానీ ఆవిడ కుక్కనే చూస్తోంది. అది టోపీని తొయ్యలేదు. ముక్క కోసం చూడలేదు. గడ్డం అంచుమీద ఆనించి, మెడ తిప్పి, రొప్పుతూ ఆవిడవంక చూస్తోంది. దొరికింది, చూశావా, ఇక చాలా అన్నట్టుంది ఆ చూపు. ఈ మధ్య ఊడ్చేటప్పుడు చాపల కింద, సోఫా వారగా తినని ముక్కలు దొరుకుతూనే ఉన్నాయి. తర్వాతకి దాచుకుంటోందని తనకి తానే చెప్పుకుంది. దాచుకోవడం కాదది. దానికి ఆకలీ లేదు, సరదా లేదు. ఈ ముసలావిడ పొద్దున్నే లేచి తువ్వాలు చుడుతుంది కదా, పాపం ఊరుకుంటే బాధపడుతుందని వెతుకుతోంది. తను దానికోసం లేస్తోంది. అది తనకోసం పాకుతోంది. ఇద్దరికీ ఓపిక ఎప్పుడో అయిపోయింది.

ఆవిడకి దుఃఖం ముంచుకొచ్చింది. ఒక క్షణం నోరు మూసుకుని ఉండిపోదామనుకుంది. కొన్ని వారాలంటే తక్కువేం కాదు.

"రేణూ," అంది. "వద్దమ్మా. ఇవాళే కానివ్వమను."

"అదేంటి ఆంటీ? బాగానే ఉందని డాక్టరే అంటోంది కదా!"

"బుర్ర బాగానే ఉందమ్మా. అలిసిపోయింది. నాకోసం ఆడుతోంది అది. హంసిక అడిగితే నేనే చెప్తాలే."

రేణు డాక్టరుతో మెల్లగా మాట్లాడింది. జ్ఞానప్రసూన మోకాళ్ళు సహకరించకపోయినా గడ్డిమీదే కూలబడి, మిరియాన్ని ఒళ్ళో పెట్టుకుంది. డాక్టరమ్మ సంచీ విప్పి, ముందుకాలు మీద కొంచెం జుట్టు గొరిగి సూది గుచ్చింది. మిరియం బెదరలేదు. ఆవిడ అరచేతిలో మూతి పెట్టుకుంది.

"ఇంక వెతకక్కర్లేదు నాయనా, పడుకో."

అది పడుకుంది. రొప్పు తగ్గింది. ఇంకాస్త తగ్గింది. ఒళ్ళో బరువు పెరిగినట్టనిపించేవరకూ ఆవిడ చెవులు నిమురుతూనే ఉంది.

దుప్పటిలో చుట్టి డాక్టరమ్మ తన కారులో తీసుకెళ్ళింది. రేణు గోపాల్‌కి ఫోన్ చేస్తూ లోపలికి వెళ్ళింది. లేవడానికి ఎవరూ చెయ్యి ఇవ్వలేదు, ఆవిడ అడగనూ లేదు. ఎండ కంచె దాటిపోయేదాకా అక్కడే కూర్చుంది. ఎదురుగా పచ్చికమీద డాక్టరమ్మ మరిచిపోయిన ఎర్రటోపీ బోర్లా అలాగే ఉంది, దాని అంచు కిందికి చీమలు బారులు కట్టి వెళుతున్నాయి.