నల్లా వొచ్చే యాళైంది

నేను ఒక తొంభై నిమిషాల క్యాసెట్టును. అటు నలభై అయిదు, ఇటు నలభై అయిదు. నా ఒంటినిండా ఒక ఇంగ్లీషు రాక్ బ్యాండు పెట్టిన కేకలున్నాయి. వాటి కోసం నాలుగు దేశాల్లో పెద్దమనుషులు నలభై ఏళ్ళకు పైగా ఉత్తరాలు రాసుకున్నారు, అలిగారు, ఒకరి ముఖం ఒకరు చూసుకోవడం మానేశారు. నా మీదున్న వాటిలో విలువైన మాట ఒకే ఒక్కటి. దాన్ని మాత్రం ఎవరూ మాటగా వినలేదు. మనుషుల మీద నాకు గౌరవం లేకపోవడానికి ఆ ఒక్కటి చాలు.

పుట్టుక గురించి గొప్పలు పోను. సన్నటి ప్లాస్టిక్ రిబ్బను మీద తుప్పులాంటి పొడి పూసి, రెండు చక్రాలకు చుట్టి, అయిదు మరలతో ఒక డొప్పలో బిగించారు. సికింద్రాబాదు మోండా మార్కెట్ సందులో రేడియోలు బాగుచేసే దైవసహాయం నన్ను కొన్నాడు. ఎమర్జెన్సీ పోయిన రెండేళ్ళకు జరిగిన సంగతి ఇది. అప్పటికి అతనికి పెళ్ళయి మూడు నెలలు.

రేడియో మెకానిక్కులకు ఒక ఆచారం ఉంది. రిపేరు గంటలో అయిపోతుంది. కానీ సెట్టు రెండు రోజుల దాకా ఇవ్వరు. అడిగితే, "టెస్టింగుల ఉంది సార్" అంటారు. ఆ టెస్టింగు మెకానిక్కు ఇంట్లో, మంచం పక్కన, పాటలు వింటూ జరుగుతుంది. అందరికీ తెలుసు, ఎవరూ అడగరు. ఆ వారం దైవసహాయం దగ్గర టెస్టింగులో ఉన్నది వెస్ట్ మారేడ్‌పల్లి విశ్వేశ్వరప్రసాద్ గారి ఫారిన్ టేపు రికార్డరు. శుభ్రమైన దేవుడి పేరు పెట్టుకుని, దాన్ని కుదించి 'విష్' అని పిలిపించుకునే మనిషి ఆయన. ఆయన గురించి చెప్పడానికి నాకు బోలెడంత ఉంది, తొందర లేదు.

ఆ ఆదివారం ఒక బడి మైదానంలో 'గ్రే హార్బర్' అనే బ్యాండు పాడింది. అయిదుగురు జులపాలవాళ్ళు, బొంబాయి నుంచి మద్రాసు పోతూ మధ్యలో ఆగారు. మధ్యాహ్నం మూడున్నరకు మొదలు. దైవసహాయానికి ఇంగ్లీషు పాట ఒక్క ముక్క అర్థం కాదు, కానీ ఆ స్పీకర్లు చూడాలని ఆశ. భార్య ఎస్తేరును తీసుకెళ్ళాడు. రికార్డరును జిప్పు సంచిలో పెట్టి, అందులో నన్ను పెట్టి, సంచిని ఆమె ఒళ్ళో ఉంచాడు.

అందుకే నా మీద బ్యాండు కంటే ఎస్తేరు బాగా వినిపిస్తుంది. మొదటి పాటకు ఆమె పల్లీలు ఒలిచింది. రెండో పాటకు, "గా సన్నటాయన అన్నం తింటడో లేదో" అని జాలిపడింది. డ్రమ్ములు వాయించేవాణ్ణి చూసి నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. నన్ను రెండో వైపు తిప్పాక, గిటారు ఒక్కటే నెమ్మదిగా మోగుతున్న చోట, మొగుడి వైపు వంగి అంది:

"ఏమయ్యా, నల్లా వొచ్చే యాళైంది. పోదాం పా."

"జెర ఆగు ఎస్తేరూ. గీ ఒక్క పాట."

ఒక్క పాట మూడు పాటలయింది. సీతాఫల్‌మండిలో వాళ్ళ ఇంటికి కుళాయి నీళ్ళు రోజు విడిచి రోజు, సాయంత్రం అయిదింటికి, అరగంట. వాళ్ళు చేరేసరికి నల్లా వచ్చి పోయింది. రెండు రోజులు ఎస్తేరు ఇరుగింటికీ పొరుగింటికీ బిందె పట్టుకుని తిరిగింది. తిట్టలేదు. అయితే ఆ తర్వాత ఎన్నేళ్ళయినా, ఇంటికి ఎవరొచ్చినా, "మా ఆయన పాటకు నీళ్ళు పోగొట్టిండు" అని మొదలుపెట్టేదట.

ఇక విష్ గారు. మర్నాడు రికార్డరు కోసం వచ్చేసరికి లోపల నేనున్నాను. కొట్లోనే బటన్ నొక్కాడు. గ్రే హార్బర్. మొహం తెల్లబడింది. ఆ బ్యాండు కోసం ప్రాణం ఇస్తానని ఊరంతా చెప్పుకు తిరిగిన మనిషి, ఆ ఆదివారం తెనాలిలో పెళ్ళిచూపుల్లో జంతికలు నములుతూ కూర్చున్నాడు మరి. సంబంధమూ కుదరలేదు. నా మిషన్లో రికార్డయింది కాబట్టి ఇది నాదే అన్నాడు. అడగకుండా మిషన్ వాడిన తప్పు దైవసహాయానిది. తల వంచుకుని నన్ను ఇచ్చేశాడు.

ఆ రోజు నుంచి నేను గోద్రెజ్ బీరువాలో, కలరా ఉండల మధ్య, పట్టుచీరలాగా పడి ఉన్నాను. ఇలాంటి దొంగ రికార్డింగులు పోగేసేవాళ్ళ జాతిని అక్కడే చూశాను. వాళ్ళు పాట వినరు. క్యాసెట్టు చేతికి రాగానే అడిగే మొదటి ప్రశ్న, ఇది అసలుదా, నకలా, నకలుకు నకలా అని. గోత్రం, ప్రవర చెబితేనే కాళ్ళు కడుగుతారు. పాట మీద మాట రాదు, వెనక వచ్చే బుస మీద రెండు గంటలు మాట్లాడతారు. నేను అసలుదాన్ని కాబట్టి నన్ను ఆడించకూడదట, అరిగిపోతానట. ఒకే ఒక్కసారి నకలు తీసుకుని బీరువా తాళం వేశాడు. గడ్డివామి దగ్గర కుక్క కాపలా అంటే ఏమిటో నాకు ఎవరూ చెప్పనక్కర్లేదు. పైగా వచ్చినవాళ్ళందరికీ, తాను కోటు లోపల రికార్డరు దాచుకుని, కాపలావాళ్ళ కళ్ళుగప్పి రికార్డు చేసిన వైనం చెప్పేవాడు. మే నెల సికింద్రాబాదులో కోటు. ఒక్కడూ అడగలేదు.

నకలు ఒకటి ఇంగ్లండులో ఒకాయనకు వెళ్ళింది. ఆయన నుంచి తిరుగుటపాలో ఏడు పేజీల ఉత్తరం వచ్చింది. రెండో వైపు, నెమ్మది గిటారు దగ్గర, ఎవరో గాయని ఒక పాట పేరు ప్రకటిస్తోందని, అది ఎక్కడా విడుదల కాని పాటని, పేరు 'నెల్లా వోచే' అని, ఇటాలియనులో దానికి 'గొంతులో' అని అర్థమని రాశాడు. నిజమేనా, ధ్రువీకరించగలరా అని అడిగాడు.

విష్ గారు మారేడ్‌పల్లిలో పుట్టి పెరిగిన మనిషి. నల్లా అంటే ఏమిటో, వొచ్చే యాళ అంటే ఏమిటో తెలియక కాదు. వాళ్ళ పెరట్లోనూ నల్లా ఉంది. అయినా ఆ ఉత్తరం మూడు సార్లు చదివి, కాసేపు మీసం దువ్వుకుని, జవాబు రాశాడు: మీరు చెప్పింది అక్షరాలా నిజం, ఆ రోజు వేదిక మీద ఒక గాయని కూడా ఉంది. అంతే. మునిసిపాలిటీ నీళ్ళు ఇటలీ చేరాయి. జాబితాల్లో పాట ఎక్కింది. జర్మనీలో ఒకడు దాని మీద వ్యాసం రాశాడు.

తర్వాత కంప్యూటర్లు వచ్చాయి. విష్ గారు నాలుగు నెలలు కూర్చుని నకలును శుభ్రం చేశాడు. పల్లీలు పోయాయి, నవ్వు పోయింది, సన్నటాయన మీద జాలి పోయింది. 'నల్లా వొచ్చే' ఉంచి, 'యాళైంది, పోదాం పా' కోసేశాడు. 'జెర ఆగు' కూడా కోసేశాడు, రికార్డు చేసింది ఎవరో ఆ గొంతు చెప్పేస్తుంది కదా.

ఇదంతా నవ్వుకుని వదిలేయదగ్గ సంగతే. కానీ నాలుగేళ్ళ కిందట ఎస్తేరు చనిపోయింది.

ఆమె పోయిన రెండు నెలలకు దైవసహాయం వచ్చాడు. జుట్టు నెరిసింది, నడుం వంగింది. గుమ్మంలో చెప్పులు విడిచి నిలబడ్డాడు.

"సార్, నాది ఒక క్యాసెట్టు మీకాడ ఉండె. ఒక్కపారి ఇనాలె."

"దాన్ని ఆడించకూడదయ్యా. కాపీ ఇస్తాను, తీసుకెళ్ళు. అసలుదాని కన్నా బాగుంటుంది," అన్నాడు విష్ గారు.

ఊళ్ళో సగం మంది రికార్డర్లు బాగుచేసిన మనిషి ఆ దైవసహాయం. వేలసార్లు, "హలో, మైక్ టెస్టింగ్" అని తన గొంతే రికార్డు చేసుకున్నాడు. పెళ్ళాం గొంతు పట్టుకోవాలని ఒక్కసారీ తోచలేదు. ఎప్పుడూ పక్కనే ఉండేదాన్ని ఎవరు పట్టుకుంటారు? మనుషుల తెలివి అంత. ఆమె మాట ఈ భూమ్మీద మిగిలింది నాలో ఒక్కచోటే.

కాపీ పట్టుకెళ్ళిన మూడో రోజు మళ్ళీ వచ్చాడు. ఈసారి గుమ్మం దాటి లోపలికి వచ్చాడు.

"సార్, దీంట్ల ఆమె లేదు."

"ఎవరు?"

"నా భార్య. మాట నడిమిట్ల కోసిన్రు సార్. 'నల్లా వొచ్చే' అంటది, ఇగ అంతే."

విష్ గారు కాస్త తడబడ్డాడు. తర్వాత గొంతు సవరించుకుని, అది పాట పేరని ప్రపంచమంతా ఒప్పుకుందని, అసలుదాన్ని ఒక్కసారి ఆడించినా దాని విలువ పోతుందని, కావాలంటే ఇంకో కాపీ ఇస్తానని చెప్పాడు. దైవసహాయం బీరువా వైపు ఒకసారి చూసి, చెప్పులేసుకుని వెళ్ళిపోయాడు. నాకు నోరుండీ లేనట్టయింది. నేనుగా మాట్లాడలేను. ఎవడో ఒకడు బటన్ నొక్కాలి.

కిందటి ఏడు పూనా నుంచి, బెంగుళూరు నుంచి ఇద్దరు సాటి పిచ్చివాళ్ళు వచ్చారు. అసలుది చూపించమని పట్టుబట్టారు. విష్ గారు చేతులు కడుక్కుని, తుడుచుకుని, నన్ను తీసి మిషన్లో పెట్టాడు. బటన్ నొక్కితే గుసగుస తప్ప ఏమీ రాలేదు. రిబ్బనును మిషను తలకు ఆనించే ఫెల్టు ముక్క ఒకటి ఉంటుంది నాలో. బీరువాలో నలభై ఏళ్ళు పూజలందుకుని, జిగురు ఎండి, అది రాలిపోయింది. వచ్చినవాళ్ళు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. విష్ గారు నన్ను రుమాల్లో చుట్టుకుని దైవసహాయం కొట్టుకు బయల్దేరాడు. క్యాసెట్టు విప్పి బాగుచేసేవాడు ఈ ఊళ్ళో ఇంకా ఒక్కడే ఉన్నాడు.

దైవసహాయం కళ్ళద్దాలు పైకి తోసి, నన్ను వెలుతురుకు ఎత్తి చూశాడు.

"చేస్త సార్. గని రెండు రోజులు టెస్టింగుల పెట్టాలె."

"ఆడించావంటే అరిగిపోతుంది."

"టెస్టింగు లేకుంట ఎట్ల ఇయ్యాలె సార్?"

రెండు రోజుల తర్వాత నా డొప్ప, అదే లేబులు, అవే అయిదు మరలు, మారేడ్‌పల్లి చేరాయి. బాగుందా అని అడిగితే, "మంచిగ ఇనొస్తుంది సార్. నేనే ఇన్న. మీరు మాత్రం ఆడియ్యకున్రి" అన్నాడు. అందులో ఒక్క అబద్ధం లేదు. విష్ గారు సంతోషించి, డొప్పకు నాలుగు వైపులా లక్క ముద్ర వేయించి, బీరువాలో పెట్టాడు. దాన్ని చూడటానికి ఇప్పటికీ జనం వస్తారట. లోపలున్న రిబ్బను మీద సండే స్కూలు పిల్లలు క్రిస్మస్‌కు శ్రుతి లేకుండా పాడిన పాటలున్నాయి. ఆ పిల్లలకు అంత గౌరవం ఇంకెక్కడా దొరకదు. విష్ గారు దాన్ని ఎన్నటికీ ఆడించడు కనుక, ఆయనా దైవసహాయమూ ఇద్దరూ సుఖంగా ఉన్నారు.

నేను సీతాఫల్‌మండిలో, దైవసహాయం ఇంట్లో, ఒక పగిలిన డొప్పలో, కిటికీ అంచు మీద ఉన్నాను. దుమ్ము పడుతుంది, ఎండ తగులుతుంది, వారానికి రెండుసార్లు అరుగుతాను. నా బతుకులో ఇంత బాగున్న రోజులు లేవు.

మొదటిసారి ఆయన నన్ను ఆడించినప్పుడు పల్లీల దగ్గర నవ్వాడు. సన్నటాయన దగ్గర కళ్ళద్దాలు తీశాడు. రెండో వైపు నెమ్మది గిటారు వచ్చింది. "ఏమయ్యా, నల్లా వొచ్చే యాళైంది. పోదాం పా" అంది ఎస్తేరు. ఆ వెంటనే పాతికేళ్ళ దైవసహాయం గొంతు, "జెర ఆగు" అనాలి. అనలేదు. ముసలాయన అంతకుముందే బటన్ నొక్కేశాడు.

"పా ఎస్తేరూ," అని లేచి నిలబడ్డాడు.

ఇప్పటికీ ప్రతిసారీ అక్కడే ఆపి, లేస్తాడు. తర్వాతున్న మూడు పాటలను మళ్ళీ ఎవరూ వినలేదు.