నోట రాని పగ

ముళ్ళకంప దొడ్డి తడిక తీసిన పర్వతాలుకు ఇరవై రెండు గొర్రెలు నోట నురగతో, కాళ్ళు బిగుసుకుపోయి కనబడ్డాయి. బతికి ఉన్నది ఒక్కటే. మెడలో గంట కట్టిన తెల్లమూతి గొర్రె, బొల్లి. అది మూలన నిలబడి అరుస్తోంది.

గంట తిరగకముందే మోతె ఊరంతా దొడ్డి దగ్గరికి చేరింది. లచ్చయ్యను ఈడ్చుకొచ్చి బండి చక్రానికి కట్టేశారు. కారణం ఎవరూ అడగలేదు. పది రోజుల కింద పర్వతాలు మంద లచ్చయ్య కౌలు చేనులో పడి పెసర మొత్తం నాకేసింది. ఆనాడు లచ్చయ్య నలుగురి ముందు రొమ్ము గుద్దుకుని అరిచాడు: "ఇయ్యాల్టి సంది నీ మీద నాకు పగ, పర్వతాలూ! పగ!" ఈ పొద్దున అతడు దొడ్డి పక్క నుంచి నడిచిపోవడం ఇద్దరు చూశారు కూడా.

అది 1949 శ్రావణం. పోలీసు యాక్షన్ జరిగి ఏడాది కావస్తోంది. పేరు పక్కన 'దళపోడు', అంటే కమ్యూనిస్టు దళం మనిషి, అని ఒక్క ముక్క రాస్తే చాలు, మిలటరీ క్యాంపుకు పోయిన మనిషి తిరిగొస్తాడని ఇంట్లో వాళ్ళు ఆశ పెట్టుకునేవారు కాదు. సూర్యాపేట నుంచి సైకిల్ మీద వచ్చిన పోలీసు జమేదార్ తులసీరాం ఆ ముక్క రాయడానికే పెన్సిల్ తీశాడు.

"ఆగు!"

జనాన్ని తోసుకుంటూ వచ్చింది జానమ్మ. లచ్చయ్యకు అక్క, మిషన్ బడిలో పంతులమ్మ. తమ్ముడి మణికట్ల మీద నెత్తురు చూసి ఆమె గుంపు మీదికి తిరిగింది.

"ఎవడు కట్టిండు? మనిషనుకున్నరా, గొడ్డనుకున్నరా?"

"గోలెంల విషం కలిపిండు నీ తమ్ముడు!" పర్వతాలు అరిచాడు. "నిన్న నేను కోదాడ పోయి ఇయ్యాల పొద్దున వచ్చేసరికి నా బతుకు ఖతం చేసిండు!"

"గోలెంలనా? అటు సూడు."

పర్వతాలు కుక్క గోలెంలో మూతి పెట్టి చప్పుడు చేస్తూ నీళ్ళు తాగుతోంది. ఎప్పటి నుంచి తాగుతోందో, మూతి నిండా తడి.

"నీ కుక్క సావదేంది మరి? విషానికి కుక్కంటె భయమా?"

వెనక ఎవరో నవ్వి, వెంటనే నోరు మూసుకున్నారు. జానమ్మ చచ్చిన గొర్రె దగ్గర కూలబడి, దవడ విప్పి, వేలు పెట్టి లాగింది. సన్నని జొన్న ఆకు వచ్చింది.

"నాము," అంది.

గొల్లలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. వానలేక వాడిన లేత జొన్నలో ఎక్కే విషం అది. మేసిన గొర్రె ఎక్కువసేపు నిలవదు. పాలు తాగే పిల్లడికి కూడా ఆ ఊళ్ళో ఈ సంగతి తెలుసు. కోపంలో పర్వతాలే మరిచిపోయాడు.

"నాము లచ్చయ్య చేన్లనే ఉన్నది," అన్నాడు నర్సింహ. పర్వతాలు తమ్ముడు. భుజాన మడిచిన గొంగడి, చేతిలో కర్ర. తన మందను మిర్యాలగూడ దిక్కు తోలుకుపోవడానికి తయారై వచ్చాడు. "పెసర పక్కన జొన్న. ఒక మోపు కోసినట్టు కనబడ్తనే ఉన్నది."

జానమ్మ చేతిలోని ఆకు కింద పడిపోయింది. దాన్ని బయటికి లాగింది తనే. ఉరితాడు తనే పేనినట్టయింది.

"చలో, అయిపోయింది," అన్నాడు తులసీరాం. "పగ ఉన్నదని వాడే చెప్పిండు. పగ అంటే దుష్మనీ, అంతేగద పంతులమ్మా?"

"కాదు!" ఆమె లేచి నిలబడింది. "రాసేటోనివి తెలుసుకొని రాయి. కుండ పగులుతది, నేల పగులుతది. పగ అనే మాట గూడ గా పగులుడనే వేరుకే మొలిచిందని పిల్లలకు చెప్త నేను. ఒక్కటి రెండయిన కాడ పుడ్తది. మా తమ్మునిది కడుపుమంట. వీనింటోళ్ళు, పర్వతాలు ఇంటోళ్ళు ఎన్నడన్న ఒక్క కుండల తిన్నరా? ఏం పంచుకున్నరని పగిలెటందుకు?"

"మాటలతోని మనుషులను ఇడిపిస్తరా, పంతులమ్మా?"

"మాటలతోని కట్టేస్తిరి గద!"

తులసీరాం పెన్సిల్ ఆగింది. ఉగాదికి ఊళ్ళో మంద పంచుకున్నది ఒక్క ఇల్లే. జనం చూపులు ఆ అన్నదమ్ముల మీదికి పోయి, మళ్ళీ నేల మీదికి దిగాయి.

బొల్లి ఇంకా అరుస్తోంది. జానమ్మ దాని వైపు తిరిగింది.

"ఇది ఎట్ల బతికింది? మా తమ్ముడే ఏస్తె దీన్నొక్కదాన్ని ఎందుకు ఇడుస్తడు? ఇదేమన్న ఆయనకు సుట్టమా?"

దాని మూతి పట్టుకుని ఎండ వైపు తిప్పింది. ముక్కు మీద బొచ్చు అణిగి, అడ్డంగా తాడు గీతలు పడి ఉన్నాయి. అల్లిక గీతలు. గొర్రెపిల్లలు పాలు మానడానికి గొల్లలు మూతికి కట్టే తాళ్ళ వల, చిక్కం గీతలు.

"మిగతయి తిన్నంత సేపు దీని మూతికి చిక్కం ఉన్నది జమేదార్ సాబ్. దీన్ని సంపబుద్ధి కానోడు కట్టిండు."

ఆమె చెయ్యి వదలగానే బొల్లి గంట మోగించుకుంటూ చచ్చిన గొర్రెల మీదుగా దూకి, నర్సింహ మోకాలికి తల ఆనించింది. అతడు దాన్ని నెట్టేశాడు. అది మళ్ళీ వచ్చింది.

తులసీరాం రెండంగల్లో వెళ్ళి గొంగడి లాగాడు. మడతలో నుంచి చిక్కం జారి పడింది. తాళ్ళ మధ్య తెల్లబొచ్చు ఇరుక్కుని ఉంది.

"ఓరి నీ..." పర్వతాలు తమ్ముడి మీదికి ఒక అడుగు వేశాడు.

నర్సింహ వంగి చిక్కం తీసుకుని, దుమ్ము దులిపాడు.

"నేనే ఏసిన అన్నా. గట్ల సూడకు. తెల్లారంగ జొన్న కోసి, మోపు కట్టి తెచ్చిన. నిన్నటి సంది మేత లేని గొర్లు, సూస్తుండంగనే నమిలినయ్. బొల్లిని ఈనిన నాడే దాని తల్లి సచ్చింది. మేకపాలు పిండి, ఏలు సప్పరిచ్చి పెంచిన. పాళ్ళేసిన నాడు నీ చీటికి పడ్డది. రెండు గొర్లిస్త, అది ఇయ్యన్న. ఐదిస్త అన్న. పంచింది పంచిందే అని నవ్వినవ్. నవ్వి ఊకున్నవా? దాన్ని కటికోనికి బేరం పెట్ట కోదాడ పోయినవ్. గొర్రె ఒక్కటే ఉంటె నిలవది, ఏదో ఒక మందల కలపాలె. అన్ని సస్తె ఇగ నా మందలకే తోలుతవనుకున్న. లచ్చయ్య మీదికి పోతదని తెలిసే ఆయన చేన్ల కోసిన, గది గూడ రాసుకో జమేదారు. ఆయన పగ అని ఒర్రిండు, ఇంటికి పోయి అన్నం తిన్నడు. నేను ఉగాది సంది ఒక్కనాడు గా మాట అనలె. అన్నా అనే పిలిచిన. అన్ని పడేదాంక గీడనే నిలవడ్డ. చిక్కం ఇప్పంగనే బొల్లి నా చెయ్యి నాకింది. గప్పుడు గూడ నా కడుపు సల్లవడలె."