వంటింటి తలుపు వెనక ఊరు

నేనింతకు ముందు ఏదీ రాయలేదు. మిషను బడిలో అయిదో తరగతి వరకు చదివాను. ఆ తరవాత నా చేత్తో రాసిందంటే కొట్టు గోడ మీద సుద్దముక్కతో "టీ ఉంది" అన్నదొక్కటే. సిల్వియా సంగతి మాత్రం ఎవరో ఒకరు రాయాలి. మా ఆయన చెబితే అందులో ఆయనే పెద్దమనిషి అయిపోతాడు. అందుకని నేనే కూర్చున్నాను.

మాది అరకు నుంచి పాడేరు వెళ్లే రోడ్డు పక్కన టీ కొట్టు. వెనక భాగం మా ఇల్లు. పొద్దున్నే నేను పొయ్యి వెలిగిస్తాను, మా ఆయన బర్నబా బల్లల మీద మంచు తుడుస్తాడు. కొండ మీద ఊళ్లవాళ్లు ఆస్పత్రికో, ఆఫీసుకో, సంతకో పాడేరు వెళ్లాలని దిగివచ్చి మా దగ్గర కూర్చుంటారు. జీపు నిండితే గాని కదలదు కదా. నిండేదాకా కూర్చోవలసిందే. ఒక్క టీతో పొద్దెక్కేదాకా కూర్చునేవాళ్లున్నారు, ఆ టీ కూడా తాగకుండా కూర్చునేవాళ్లున్నారు. లేవమని మేమెప్పుడూ అనలేదు. కూర్చోడానికి కాకపోతే బల్లలెందుకు? మాటలన్నీ మా ఆయనవి. నేను పొయ్యి దగ్గరే ఉంటాను. కొత్తవాళ్లు ఎదురుపడితే నాకు మాట గొంతులోనే ఉండిపోతుంది.

వంటింటికి వెనక ఒక తలుపుంది. అది తీస్తే వేరే దేశంలో ఒక ఊరు. సాలూరులో పాత బంగళా పడగొడుతుంటే మా ఆయన ఆ తలుపు కొనుక్కొచ్చి బిగించాడు, ఆ రోజునుంచీ అంతే. తలుపు దాటితే రెండు మెట్లు, రాళ్లు పరిచిన సందు, సందుకి ఆ పక్క అద్దాల కాఫీ హోటలు. అక్కడ మంచు పడితే మా కట్టెలు తడిసిపోతాయి కాబట్టి తలుపు ఎప్పుడూ వేసే ఉంచుతాం. దొడ్లోకి వెళ్లాలంటే ఇంటి పక్కనుంచి చుట్టూ తిరిగి వెళ్తాం. ఒకసారి పై ఊరి మంగ్లు మేక అటు పోతే ఎర్ర కోటు ఆవిడెవరో తాడు పట్టుకుని తెచ్చి అప్పజెప్పింది. పక్కింటి రత్నాలు ఒకసారి చూడక అంట్ల నీళ్లు అటు పారబోస్తే, అవతల ఎవరో వాళ్ల భాషలో తిట్టారు, రత్నాలు మన భాషలో తిట్టింది. అంతకు మించి ఆ ఊరితో మాకు పని పడలేదు.

సిల్వియా మా చెల్లెలి కూతురు. చెల్లెలు లేదు కాబట్టి పురిటికి మేమే తెచ్చుకున్నాం. పుట్టింది ఆడగుంట, జాయ్ అని పేరు పెట్టారు. సిల్వియా మొగుడు ఎడ్విన్ లారీ మీద తిరుగుతాడు, ఎప్పుడొస్తాడో అతనికే తెలీదు. సిల్వియాకి బెంగళూరు కంపెనీలో ఉద్యోగం. ఎక్కడో వేరే దేశంలో డాక్టర్లు రోగుల గురించి చెప్పింది చెవుల్లో పెట్టుకుని విని లాప్‌టాప్‌లో టైపు చెయ్యాలి. గుంట చిన్నది కాబట్టి ఇంటి దగ్గరే చేసుకోమన్నారు. కాని నెట్టు ఉండాలి. మా ఇంట్లో ఫోను మోగడమే గొప్ప.

రోజూ గుంటని భుజానికి కట్టుకుని, లాప్‌టాప్ సంచీ వేసుకుని అరకు వెళ్లేది. ఒక హోటల్లో నెట్టుంది, ప్లగ్గు లేదు. ఇంకో చోట ప్లగ్గుంది, పాటల మోత. డాక్టరు మాటకి బదులు సినిమా పాట టైపు చేసేశానని వచ్చి చెప్పింది. టూరిస్టుల కాఫీ షాపులో అన్నీ ఉన్నాయి, గుంట ఏడిస్తే మాత్రం అందరూ తిరిగి చూశారు. చర్చి వరండాలో ఫాదర్ గారి నెట్టు అందేది, ఆయన ఊళ్లో ఉంటేనే. టవరు కొండ మీద కాఫీ తోటలో నెట్టూ బాగుంది, జలగలూ బాగున్నాయి.

"ఏటే, జలగలక్కూడా జీతం ఇత్తారా మీ కంపెనీవోళ్లు?" అన్నాడు మా ఆయన, దాని కాలికి ఉప్పు రాస్తూ.

"నవ్వకు పెదనాన్నా. ఇంకొక్కసారి పని ఆగితే ఆఫీసుకి వచ్చెయ్యమన్నారు. అక్కడ హాస్టల్లో గుంటని ఉండనివ్వరు."

"మానెయ్యొచ్చు కదే."

"ఎడ్విన్ లారీ వాయిదా ఎవరు కడతారు? నువ్వా?"

ఆ సాయంత్రమే సిల్వియా పాల సీసా అలవాటు చెయ్యడం మొదలుపెట్టింది. రబ్బరు నోటికి ఆనించగానే జాయ్ మొహం తిప్పేసుకునేది. గుంట ఏడుపు వినగానే దీని జాకెట్టు తడిసిపోయేది. తడిసిన జాకెట్టుతోనే సీసా పట్టుకుని కూర్చునేది. ఇద్దరూ ఏడిచేవారు. చూడలేక నేను కూరగాయలు తరగడానికి పోయేదాన్ని.

ఒకరోజు పచ్చి కట్టెలకి వంటిల్లంతా పొగ కమ్మేసింది. పొగ పోతుందని ఆ వెనక తలుపు తీశాను. వంట గట్టు మీద ఉన్న సిల్వియా ఫోను టింగుమంది. మళ్లీ టింగుమంది. ఆగకుండా మోగింది.

"పెద్దమ్మా, తలుపు వెయ్యకు!" అని అరిచింది సిల్వియా.

ఆ అద్దాల హోటలు నెట్టు గుమ్మం దాటి మా వంటింట్లోకి వస్తోంది. దానికి తాళం కూడా లేదు. ఆ రోజునుంచి సిల్వియా పొయ్యి పక్కన పీట వేసుకుని, గుంటని ఒళ్లో వేసుకుని పాలిస్తూ టైపు చేసుకుంది. పాదాలకి పొయ్యి వేడి, మెడకి ఆ ఊరి చలి. జీతం పడింది. గుంటకి బుగ్గలొచ్చాయి.

అక్కడితో ఊరుకుంటే బాగుండేది. బళ్లో హాజరు ఫోటోలు పంపాలని రవికుమార్ మాస్టారు వచ్చాడు. మంగ్లు కొడుకులు ఫోన్లో ఆటలాడుకోడానికి వచ్చారు. మా ఆయన సినిమాలు చూడడం మొదలుపెట్టాడు, ఒకటి అయ్యేసరికి ఇంకొకటి. ఒక పొద్దున్న సిల్వియా లాప్‌టాప్ తెరిస్తే నెట్టు పాస్‌వర్డ్ అడిగింది.

సిల్వియా శాలువా కప్పుకుని తలుపు దాటి వెళ్లింది. ఎంతోసేపు లేదు, మొహం ఎర్రగా చేసుకుని వచ్చేసింది.

"ఏటన్నాది?" అన్నాను.

"లాప్‌టాప్ పేరెత్తితేనే హోటలావిడ మండిపడుతోంది పెద్దమ్మా. వద్దని గోడకి బోర్డు పెట్టినా ఎవరూ వినడం లేదంట. ఒక్క కాఫీ చెప్పి మధ్యాన్నం దాకా బల్లలు వదలరంట. కాఫీ తాగుదామని వచ్చినవాళ్లు బయట నిలబడి నిలబడి వెళ్లిపోతున్నారంట. నెట్టు కూడా నెమ్మదైపోయిందని కొత్త తాళం పెట్టింది. కాఫీ కొనుక్కున్నవాళ్లకే చెబుతాదంట, మన డబ్బులేమో అక్కడ చెల్లవు."

నాకు బోధపడలేదు. "వాళ్ల జీపు ఎప్పటికి నిండుతాదంట?"

"ఏ జీపు?"

"అలా కూర్చున్నోళ్లు ఎక్కాల్సిన జీపు."

"వాళ్లు జీపు కోసం కాదు పెద్దమ్మా. పని చేసుకోడానికి చోటు లేక. ఈ హోటలు కాకపోతే ఇంకో హోటలు, నాలాగే ఊరంతా తిరుగుతారు."

"అంత పెద్ద ఊళ్లో ఆళ్లకి ఇళ్లు నేవేటి?" అన్నాడు మా ఆయన.

"ఉన్నాయి పెదనాన్నా. ఇంట్లో ఒక్కళ్లే ఉండలేక వస్తారు."

అంతలో కంపెనీవాళ్ల ఫోను వచ్చింది. రోడ్డు మీదకి పరిగెత్తి మాట్లాడింది. సాయంత్రంలోగా పని అందకపోతే సోమవారానికి బెంగళూరులో ఉండాలన్నారు. లోపలికి వచ్చి, అటక మీదనుంచి పాల సీసా దింపి, గిన్నెలో నీళ్లు పోసి మరగబెట్టింది. ఆ నీళ్లలో సీసా బుడబుడమని కొట్టుకుంటుంటే నేను ముందు గదిలోకి చూశాను. పొద్దున్నే వెళ్లాల్సిన వాళ్లు చాలామంది అప్పటికే వెళ్లిపోయారు. బల్లలన్నీ ఖాళీ. ఒక్క మంగ్లు మాత్రం కూర్చుని ఉన్నాడు.

జాయ్‌ని చంకనేసుకున్నాను. ఒకరి గుమ్మానికి వట్టి చేతులతో వెళ్లకూడదు కాబట్టి మూల ఉన్న గుమ్మడికాయ ఇంకో చేత్తో ఎత్తుకున్నాను.

"ఎక్కడికే?" అన్నాడు మా ఆయన.

"ఇక్కడికే" అని తలుపు దాటాను.

చలి మొహాన కొట్టింది. జాయ్ నా మెడలో మొహం దాచుకుంది. హోటలు బయట ముసలి మొగుడూ పెళ్లాం చేతులు రుద్దుకుంటూ నిలబడ్డారు. లోపల ఒక్కో బల్లకి ఒక్కొక్కరు, ఎదురుగా ఒక్కో లాప్‌టాప్. ఆ వెలుతురు మొహాల మీద పడుతోంది. అంతమంది ఉన్నారు, ఒక్క మాట లేదు. హోటలావిడది నా వయసే. పొట్టి జుట్టు, నడుముకి గుడ్డ. నన్ను చూసింది, గుంటని చూసింది, గుమ్మడికాయని మాత్రం చాలాసేపు చూసింది.

మామూలుగానే నాకు మాట రాదు. అక్కడ ఏం మాట్లాడినా ఎవరికీ అర్థం కాదు కదా అనుకుంటే ధైర్యం వచ్చింది. "అమ్మా, నీ బల్లలు నిండిపోనాయి. నా బల్లలు ఖాళీగా ఉన్నాయి" అన్నాను. ఆవిడ తల అడ్డంగా ఊపి, గోడమీది బోర్డు చూపించింది.

ఇంక ఏం చెయ్యాలో తోచక అటూ ఇటూ చూశాను. మూల బల్ల కింద ఒక పిల్ల మోకాళ్ల మీద వంగి, చేతిలో వైరు పట్టుకుని గోడంతా తడుముతోంది. ప్లగ్గు కోసం. సిల్వియా ఎన్నిసార్లు అలా వంగి ఉంటుందో అనిపించింది. గుమ్మడికాయ ఆవిడ ముందు పెట్టేసి, ఆ పిల్ల బల్ల మీద ఉన్న కాఫీ కప్పు తీసుకున్నాను.

"రా తల్లీ, మా ఇంట్లో ప్లగ్గుంది" అని బయటికి నడిచాను.

పాపం, తన కప్పు వెళ్లిపోతుంటే ఆ పిల్ల ఏం చేస్తుంది? లాప్‌టాప్ పట్టుకుని వెనకే వచ్చింది. సందు దాటి, మెట్లు ఎక్కి, వంటింట్లో జాయ్‌ని సిల్వియాకి అందించి, ఆ పిల్లని కొట్లోకి తీసుకొచ్చి మంగ్లు పక్కన కూర్చోబెట్టాను. మంగ్లు కాస్త జరిగి చోటిచ్చాడు. "ఇంకా నలుగురు రావాలి" అని ఆ పిల్లకి చెప్పాడు, జీపు సంగతి. ఆ పిల్ల తల ఊపి, ప్లగ్గు పెట్టుకుని, లాప్‌టాప్ తెరిచి ఒక్కసారి గట్టిగా ఊపిరి వదిలింది. అటు హోటలు అద్దంలోంచి అందరూ చూస్తున్నారు. ఒక గెడ్డం కుర్రాడు కప్పు పట్టుకుని లేచాడు. అతని వెనక ఇంకొకరు. కప్పులు ఒలకకుండా మంచులో జాగ్రత్తగా అడుగులేసుకుంటూ వరసగా వచ్చేశారు.

"ఏటే అంతోనమ్మా, ఎవులీళ్లంతా?" అన్నాడు మా ఆయన.

"కూకునేవోళ్లు. బేగి టీ పెట్టు."

కాసేపటికి హోటలావిడే వచ్చింది. గుమ్మడికాయ నేను మర్చిపోయాననుకుని మోసుకొచ్చింది. గుమ్మంలో నిలబడి మా బల్లల మీద తన మనుషులని చూసింది. వెనక్కి తిరిగి తన హోటలు చూసింది. అప్పటికే ఆ ముసలి జంట కిటికీ పక్క బల్ల దగ్గర కూర్చుని టోపీలు తీస్తున్నారు.

"చెప్పవే" అని సిల్వియాని ముందుకు తోశాను. "ఆవిడ బల్లలు ఆవిడకి, మన బల్లలు ఈళ్లకి. కాఫీ ఆవిడ దగ్గరే కొనుక్కుంటారు. ఎంతసేపు కూకున్నా మనం లేవమనం. నెట్టు మాత్రం ఆవిడదే, అడిగే వాడుకుంటాం."

సిల్వియా ఇంగ్లీషులో చెప్పింది. ఒక చేత్తో జాయ్‌కి సీసా పట్టే ఉంది, జాయ్ తోసేస్తూనే ఉంది. హోటలావిడ గుంట వంక చూసి ఏదో అడిగింది. సిల్వియా ఏం జవాబు చెప్పిందో నాకు తెలీదు, చెబుతూ గుంటని ఇంకాస్త దగ్గరకి హత్తుకుంది. ఆవిడ గుమ్మడికాయ కింద పెట్టి, సిల్వియా లాప్‌టాప్ తన వైపు తిప్పుకుని తన వేళ్లతోనే పాస్‌వర్డ్ కొట్టింది. వెళ్లబోతూ ఒక మాట అంది.

"సినిమాలు చూడకూడదంట" అంది సిల్వియా.

అందరం మా ఆయన వైపు తిరిగాం.

"నన్ను సూత్తారేటి? నానేటి సేసాను?"

హోటలావిడకి గుమ్మడికాయ మళ్లీ ఎత్తి చేతిలో పెట్టాను. బెల్లం వేసి వండుకోమని సిల్వియా చేత చెప్పించాను.

ఆ రోజు పని సాయంత్రంలోపే వెళ్లింది. కాని రెండుసార్లు గండం తప్పింది. ముందు గుమ్మంలోంచి కొండగాలి కొడితే ఆ తలుపు టప్పున మూసుకుపోయేది, నెట్టు ఠక్కున ఆగేది. రాయి అడ్డం పెడితే రాయినీ తోసేసింది. చీకటి పడేదాకా నేనే వీపు ఆనించి నిలబడ్డాను. సిల్వియా "పరవాలేదులే పెద్దమ్మా" అంది గాని, కడిగిన సీసాని అటక మీద పెట్టలేదు. చేతికి అందేలా గట్టు మీదే ఉంచుకుంది. బెంగళూరుకని సర్దుకున్న బట్టల సంచీ కూడా విప్పలేదు.

"ఆ తలుపు పీకేద్దాం" అన్నాను మా ఆయనతో, అన్నాలు తినేటప్పుడు.

ఆయన ముద్ద ఆపాడు. "మతుండే అంటన్నావా? మహత్యం తలుపులో ఉందో గుమ్మంలో ఉందో ఎవుడికి తెలుసు? తలుపు తీసేత్తే ఊరే పోతాదేమో."

"తలుపుంటే పిల్ల పోతాది" అన్నాను.

ఆయన తినేసి, సుత్తి ఎక్కడుందో వెతికి నా పక్కన పెట్టాడు.

మర్నాడు పొద్దున్న ఎవరూ లేవకముందే బందుల మేకులు ఒక్కొక్కటే ఊడగొట్టాను. చివరి మేకు రాగానే తలుపు బరువంతా నా భుజం మీద పడింది. కళ్లు మూసుకునే దాన్ని పక్కకి జరిపాను. కాసేపు ఏమీ తెలియలేదు. తరవాత చలి మొహానికి తగిలింది, ఆ వెనకే కాఫీ వాసన వచ్చింది. కళ్లు తెరిచేసరికి సందులో హోటలావిడ గుమ్మం ముందు మంచు ఊడుస్తోంది. నన్ను చూసి చీపురు ఎత్తింది.

తలుపుని పడుకోబెట్టి నాలుగు మూలలా రాళ్లు పేర్చి బల్ల చేశాను. సిల్వియా గుంటతో వచ్చి, ఆ ఖాళీ గుమ్మాన్ని చూసి, నన్ను చూసి, లాప్‌టాప్ ఆ బల్ల మీద పెట్టుకుంది. జాయ్‌ని రొమ్ముకి ఆనించుకుని టైపు చెయ్యడం మొదలుపెట్టింది. నేను దాని బట్టల సంచీ విప్పి, చీరలు ఒక్కొక్కటీ దండెం మీద వేశాను.