కార్డులిచ్చాకే రొయ్యలు

సన్యాసమ్మకి ఒరియా అమ్మాయిలంటే పడేది కాదు. ఆ సంగతి ఆవిడ ఎవరి దగ్గరా దాచేది కూడా కాదు.

బంటుమిల్లి అవతల ఉన్న రొయ్యల షెడ్డులో ఆవిడ తొమ్మిదేళ్ళుగా పనిచేస్తోంది. చెరువుల నుంచి లారీల్లో వచ్చిన రొయ్యకి తల తుంచి, పొట్టు ఒలిచి, వీపున ఉన్న నల్ల నరం లాగి ఐసు నీళ్ళలో వేయాలి. పొద్దున ఏడు నుంచి సాయంత్రం ఐదు దాకా నిలబడే పని. భర్త సముద్రం మీద వేటకి వెళతాడు. చుట్టుపక్కల నాలుగూళ్ళ నుంచి ఆ షెడ్డుకి వచ్చే అరవై మంది ఆడవాళ్ళకీ సన్యాసమ్మ మాటంటే మాటే. ఎవరి వేళ్ళు పాసిపోయినా ఆవిడకే చూపిస్తారు. ఎవరి మొగుడు తాగొచ్చినా ఆవిడకే చెప్పుకుంటారు.

పోయినేడు వేసవిలో వాళ్ళంతా కలిసి పని ఆపారు. మంచి గ్లౌజులు ఇవ్వాలి, బాత్రూముకి వెళితే కూలి కోయకూడదు, ఊళ్ళకి బస్సు వేయాలి, అంతే అడిగింది. గేటు బయట మూడు రోజులు గట్టిగానే కూర్చున్నారు. నాలుగో రోజు పొద్దున రెండు బస్సుల్లో నలభై మంది ఒరియా అమ్మాయిలు దిగారు. కాంట్రాక్టర్ చిట్టిబాబు వాళ్ళని వరసగా లోపలికి తీసుకెళ్ళాడు. సాయంత్రానికి రొయ్యలన్నీ ఒలవడం అయిపోయింది. ఐదో రోజు సన్యాసమ్మ అందరికంటే ముందు గేటు దాటి లోపలికి నడిచింది. తను ముందు వెళితే మిగతావాళ్ళకి అంత సిగ్గనిపించదని.

అప్పట్నుంచీ షెడ్డులో ఇటు బల్లలు వీళ్ళవి, అటు బల్లలు వాళ్ళవి. మధ్యలో నీళ్ళు పోయే సన్నటి కాలువ. ఏడాదిలో ఒక్కరు కూడా ఆ కాలువ దాటి రెండో వైపు మనిషిని పలకరించలేదు.

ఈ ఏడు మెహరాజ్ వచ్చింది. ఆవిడది విజయవాడ భవానీపురం. పదకొండేళ్ళు కువైట్లో ఇళ్ళల్లో పనిచేసి తిరిగొచ్చి, బెజవాడలో ఇంటి పనివాళ్ళ సంఘం పెట్టింది. షెడ్డులో పనిచేసే దానమ్మ చెల్లెలు గుణదలలో ఉంటుంది, ఆ సంఘంలో మనిషే. ఆమె చెప్పగా మెహరాజ్ ఇటు రావడం మొదలుపెట్టింది. ప్రతి ఆదివారం బస్సెక్కి గుడివాడ మీదుగా వచ్చి, చర్చి ప్రార్థన అయ్యాక దానమ్మ ఇంటి వరండాలో అందరినీ కూర్చోబెట్టేది. మనిషి నెమ్మది. కోపమొస్తే ఇంకా నెమ్మదిగా మాట్లాడుతుంది.

ఐదో ఆదివారం ఆవిడ కాగితం, పెన్ను తీసింది. "కంపెనీకి ఇవ్వాల్సింది రాసుకుందాం. నేనైతే ఇది మొదట రాయాలంటాను. హాస్టల్లో ఉన్న ఒరియా అమ్మాయిల ఆధార్ కార్డులు కాంట్రాక్టర్ దగ్గరున్నాయి. అవి వాళ్ళకి తిరిగివ్వాలి. హాస్టల్ గేటుకి తాళం వేయకూడదు."

వరండా అంతా గోలయింది. దానమ్మ లేచి నిలబడింది.

"ఏంటండీ మీరనేది? మా నోటి దగ్గర కూడు లాక్కుంది వాళ్ళు. వాళ్ళ కోసం మేం అర్జీ పెట్టాలా?"

సన్యాసమ్మ చెయ్యెత్తింది. అందరూ ఊరుకున్నారు.

"మెహరాజ్ గారూ, మీరంటే గౌరవం. కానీ ఆ మాట రాస్తే నేను సంతకం పెట్టను. నేను పెట్టకపోతే ఇక్కడ ఎవరూ పెట్టరు."

మెహరాజ్ పెన్ను మూసింది. "ఒక్క సంగతి చెప్పి వెళతానక్కా. కువైట్లో నేను దిగిన రోజే నా పాస్‌పోర్టు మా మేడమ్ బీరువాలో పెట్టేసింది. భద్రంగా ఉంటదంది. మూడో ఏడు మా అబ్బా పోయారు. ఎంత బతిమాలినా పాస్‌పోర్టు ఇవ్వలా. అబ్బా జనాజా ఫోన్లో చూశాను, గిన్నెలు తోముకుంటా. పక్కింట్లో పనిచేసే ఫిలిప్పీన్స్ ఆవిడ ఒకామె వాళ్ళ సంఘం వాళ్ళని వెంటబెట్టుకొచ్చి నా పాస్‌పోర్టు ఇప్పించింది. అప్పుడే ఆ ఇల్లు వదిలి వేరే ఇంటికి మారగలిగాను. ఆవిడకీ నాకూ ఒకరి భాష ఒకరికి రాదు. ఆవిడకి నేనేమవుతాను?"

సన్యాసమ్మ అంది. "మీ కష్టం వేరమ్మా."

"అంతేలేండి," అని మెహరాజ్ కాగితం మడిచి సంచిలో పెట్టుకుంది. "వచ్చే ఆదివారం వస్తాను. తొందరేం లేదు."

బుధవారం మధ్యాహ్నం సన్యాసమ్మ చేతులు కడుక్కోడానికి కాలువ దగ్గరికి వెళ్ళింది. అవతలి బల్ల చివర ఓ అమ్మాయి ట్రే ముట్టకుండా నిలబడి ఉంది. పేరు మినతి. ఇరవై రెండేళ్ళుంటాయి. ఆంధ్ర సరిహద్దున ఉన్న రాయగడ వైపు పిల్ల కాబట్టి తెలుగు కొంచెం వచ్చు. సూపర్‌వైజర్ చూస్తే ఆ రోజు కూలి పోతుంది. అయినా కదలడం లేదు. సన్యాసమ్మ అటూ ఇటూ చూసి కాలువ దాటింది.

"ఏం పిల్లా, ఒంట్లో బాగాలేదా?"

ఆ పిల్ల ఉలిక్కిపడింది. "నాకు కాదు అమ్మా. మా అమ్మకి. ఆసుపత్రిలో ఉంది, ఆపరేషన్ అంట. వెళ్ళాలి అంటే చిట్టిబాబు సార్ కార్డు ఇవ్వడం లేదు. రెండేళ్ళు నిండాక ఇస్తాడంట. గేటు కూడా తీయడు."

సన్యాసమ్మకి జాలేసింది. కానీ ఏడాదిగా కడుపులో పెట్టుకున్న మాట ఆగలేదు.

"పోయినేడు మా పొట్ట కొట్టడానికి వచ్చినప్పుడు తెలియలేదా ఇట్టాంటి కంపెనీ అని?"

మినతి అర్థంకానట్టు చూసింది. "మాకు ఎవరూ చెప్పలేదు అమ్మా. కొత్త కంపెనీ అన్నారు. మీరందరూ గేటు బయట కూర్చుని ఉంటే, జీతాలిస్తారని కూర్చున్నారు అనుకున్నాం."

ఏడాదిపాటు సన్యాసమ్మ ఎవరిని తిట్టుకుంటూ వచ్చిందో వాళ్ళకి, తిట్లు పడుతున్నాయన్న సంగతే తెలియదు. ఆవిడ చేతులు తుడుచుకుని నేరుగా కాంట్రాక్టర్ గదికి వెళ్ళింది.

చిట్టిబాబు కుర్చీలో వెనక్కి వాలి టీ తాగుతున్నాడు. "రండి పిన్నిగారూ."

"ఆ మినతి తల్లికి ఆపరేషనంట. పిల్లని పంపు బాబూ. పది రోజుల్లో తిరిగొస్తది."

"అందరూ అట్టాగే చెబుతారండి. అయినా వాళ్ళ గొడవ మీకెందుకు? మీ పిల్లా ఏవన్నానా?" అతను నవ్వాడు. కప్పు కింద పెట్టి, మంచి మాట చెబుతున్నట్టు ముందుకి వంగాడు. "చూడండి, ఆ నలభై కార్డులూ నా డ్రాయర్లో ఉన్నంతకాలం కంపెనీకి బెంగ లేదు. వాళ్ళు ఎక్కడికీ పోలేరు. వాళ్ళున్నారు కాబట్టి మీరూ ఏమీ అడగరు. అందరం చల్లగా ఉన్నాం. ఎందుకు కదిలించడం?"

అతని మాటలో వెటకారం లేదు. నిజంగానే ఆవిడ మేలు కోరి చెప్పాడు. సన్యాసమ్మ తిరిగి బల్ల దగ్గరికొచ్చి ఆ పూట రొయ్యలు ఒలిచింది. ఒలుస్తున్నంతసేపూ చిట్టిబాబు మాటే చెవిలో తిరిగింది. ఆ డ్రాయర్లో ఉన్నవి నలభై కార్డులే కావు, తన నోరూ దానమ్మ నోరూ కూడా అందులోనే ఉన్నాయి. తాళం ఒకటే.

సాయంత్రం ఇంటికి వెళుతూనే మెహరాజ్‌కి ఫోన్ చేసింది.

"అమ్మా మెహరాజూ, ఆదివారం దాకా ఆగొద్దు. రేపే రా. ఆ మాట పైన రాసుకురా. పెద్దక్షరాలతో రాయి."

గురువారం సాయంత్రం ఇద్దరూ కలిసి ఇల్లిల్లూ తిరిగారు. దానమ్మ గుమ్మానికి అడ్డంగా నిలబడింది. "నీకు సిగ్గుగా లేదా అక్కా? పోయినేడు వాళ్ళని నాకంటే ఎక్కువ తిట్టింది నువ్వేగా?"

"తిట్టాను. తప్పు తిట్టాను. వాళ్ళ ముందే ఒప్పుకుంటాను. మనం జీతాల కోసం కూర్చున్నాం అనుకున్నారంట వాళ్ళు."

దానమ్మ పెద్దగా నవ్వింది. ఆ నవ్వు మధ్యలోనే ఆగిపోయింది. లోపలికెళ్ళి కళ్ళజోడు తెచ్చుకుంది. "ఎక్కడ పెట్టాలి సంతకం?"

అరవై సంతకాలకి యాభై ఏడు పడ్డాయి. శుక్రవారం మెహరాజ్ ఒక కాగితం కంపెనీలో, ఇంకోటి లేబర్ ఆఫీసరుకి ఇచ్చి రసీదు తీసుకుంది. శనివారం మధ్యాహ్నానికల్లా వస్తానన్నాడు ఆఫీసరు.

"ఈసారి బయట కూర్చోవద్దు," అంది సన్యాసమ్మ. "బయట ఉంటే మళ్ళీ బస్సులు దింపుతారు. లోపల, బల్ల దగ్గరే నిలబడదాం. మన చోట్లో మనముంటే ఇంకెవరిని తెచ్చి నిలబెడతారు?"

మెహరాజ్ ఆవిడ వంక చూసి నవ్వింది. "నాకు తట్టలేదక్కా."

శనివారం పొద్దున నాలుగు లారీల సరుకొచ్చింది. టోపీలు, ఆప్రాన్లు వేసుకుని అందరూ మామూలుగానే బల్లల దగ్గరికొచ్చారు. ట్రేలు దింపారు. సన్యాసమ్మ గ్లౌజులు ఊడదీసి ట్రే పక్కన పెట్టి చేతులు కట్టుకుంది. ఇటు వైపు ఒక్కొక్కరే అలాగే చేశారు. సంతకం పెట్టని ముగ్గురు కూడా.

ఆవిడ కాలువ దగ్గరికొచ్చి గట్టిగా అంది. "మినతీ, నేను చెప్పేది మీవాళ్ళకి మీ మాటల్లో చెప్పమ్మా. ఏడాదిగా మిమ్మల్ని చూసి మొహం తిప్పుకున్నాం. అది మా తప్పు. ఇవాళ మీ కార్డులు మీ చేతికొచ్చే దాకా మేం రొయ్య ముట్టుకోం. మీరేం చేస్తారో మీ ఇష్టం."

మినతి చెప్పింది. అటు వైపు ఎవరూ గ్లౌజులు తీయలేదు. వాళ్ళలో పెద్దావిడ ఒకామె ఏదో అడిగింది.

"మమ్మల్ని ఊరికి పంపేస్తే మీరేం చేస్తారు అంటోంది."

"మిమ్మల్ని పంపితే మేమూ పోతాం. రొయ్యలు వాళ్ళే ఒలుచుకుంటారు."

ఆ మాట తర్జుమా అయ్యేసరికి అటు బల్లల మీద చిన్న నవ్వు పుట్టింది. ముందు మినతి గ్లౌజులు తీసింది. తర్వాత ఆ పెద్దావిడ. తర్వాత అందరూ.

మేనేజర్ కాశీరావు పావుగంటలో పరుగెత్తుకొచ్చాడు. ట్రేల్లో కరుగుతున్న ఐసు చూశాడు, గోడ గడియారం చూశాడు. తెలివైనవాడు, అరవలేదు. సన్యాసమ్మని పక్కకి పిలిచాడు. ఆవిడ పక్కకి వెళ్ళలేదు. "ఇక్కడే చెప్పండి."

"సరే. గ్లౌజులు ఇవాళే ఇస్తాం. బాత్రూముకి వెళితే కోత ఉండదు. బస్సు సంగతి నెలలో చూస్తాం. మీకు కావాల్సినవి ఇవేగా అమ్మా? ఆ కార్డుల సంగతి వాళ్ళకీ కాంట్రాక్టర్‌కీ మధ్య. అది మాకొదిలేయండి. పని మొదలుపెట్టండి."

ఏడాది కిందట ఇదే మాట కోసం మూడు రోజులు ఎండలో కూర్చున్నారు. సన్యాసమ్మ ఇటు బల్లల వైపు చూసింది. ఐసు నీళ్ళకి తెల్లగా ముడతలు పడ్డ చేతులు ఎన్నో అక్కడున్నాయి. వాళ్ళ తరఫున వద్దనే హక్కు తనకుందా అనుకుంది.

ఆవిడ నోరు తెరిచేలోగా దానమ్మ మాట్లాడింది. "గ్లౌజులు సోమవారం ఇచ్చినా పరవాలేదండి. కార్డులు మాత్రం ఇప్పుడే కావాలి."

"ఆ. ఇప్పుడే," అన్నారు వెనక నుంచి నలుగురు.

కాశీరావు ఫోన్ తీసి మాట్లాడుతుండగానే గేటు దగ్గర జీపు ఆగింది. లేబర్ ఆఫీసరు, ఆయన వెనకే మెహరాజ్ లోపలికొచ్చారు. ఆఫీసరు కాగితం చదివి ఒకే ప్రశ్న అడిగాడు. "కార్డులు ఎవరి దగ్గరున్నాయి? పనివాళ్ళ గుర్తింపు కార్డులు దగ్గర పెట్టుకునే హక్కు ఎవరికీ లేదు. తెప్పించండి. లేదంటే కేసు రాసుకుంటాను."

చిట్టిబాబు ప్లాస్టిక్ డబ్బా పట్టుకొచ్చాడు. పేర్లు పిలవడం కూడా అతనికి సరిగ్గా రాలేదు. ఏడాదిగా వాళ్ళని లెక్కపెట్టాడే కానీ పేరుతో పిలవలేదు. మెహరాజ్ డబ్బా అందుకుని మినతికిచ్చింది. మినతి ఒక్కో కార్డు తీసి పేరు చదివింది. ఒక్కొక్కరే వచ్చి తీసుకున్నారు. కొందరు ఫొటో చూసుకుని నవ్వారు, ఒకమ్మాయి జాకెట్లో దోపుకుని పైనుంచి చేత్తో నొక్కి పట్టుకుంది. ఆఖరి కార్డు మినతిదే. తన పేరు తను పిలుచుకోకుండా ఆ పిల్ల కార్డు సన్యాసమ్మ చేతిలో పెట్టింది. సన్యాసమ్మే గట్టిగా పిలిచింది.

అప్పుడు అందరూ గ్లౌజులు వేసుకున్నారు. సరుకులో ఒక్క ట్రే కూడా పాడవకుండా పని ముగించారు.

ఆ సాయంత్రమే మెహరాజ్ మినతిని వెంటబెట్టుకుని విజయవాడ తీసుకెళ్ళి రైలెక్కించింది. తల్లికి ఆపరేషన్ బాగా జరిగింది. నెలన్నరకి మినతి తనంతట తానే తిరిగొచ్చింది. గ్లౌజులు సోమవారం వచ్చాయి. బస్సు కోసం ఇంకో రెండుసార్లు చేతులు కట్టుకోవాల్సొచ్చింది, మూడు నెలలు పట్టింది. ఇటువాళ్ళూ అటువాళ్ళూ కలిసి పెట్టుకున్న సంఘం రిజిస్టరయింది. సన్యాసమ్మ అధ్యక్షురాలు, దానమ్మ, మినతి ఉపాధ్యక్షులు. చిట్టిబాబు ఇంకా కాంట్రాక్టరే. కానీ హాస్టల్ గేటుకి తాళం లేదు.

మినతి తిరిగొచ్చిన ఆదివారం సన్యాసమ్మ మాటల్లో అడిగింది. "ఇన్నాళ్ళున్నారు కదా, సముద్రం ఎట్టా ఉంది మీకు?"

ఒక్కరూ చూడలేదు. పదిహేను కిలోమీటర్ల దూరంలో ఏడాదికి పైగా ఉండి, నలభై మందిలో ఒక్కరు కూడా చూడలేదు.

ఆ మధ్యాహ్నమే ఆరు ఆటోల్లో అందరినీ ఎక్కించి తమ పల్లెకి తీసుకెళ్ళింది. పడవలు దాటుకుని ఒడ్డుకి రాగానే అమ్మాయిలు ఆగిపోయారు. అన్ని నీళ్ళు ఒక్కచోట వాళ్ళెప్పుడూ చూడలేదు. ఓ అల పాదాల మీదికి రాగానే కేకలు పెట్టి వెనక్కి పరుగెత్తారు, మళ్ళీ ముందుకొచ్చారు. దానమ్మ చీర తడుస్తుందని తిడుతూనే మోకాలి లోతుకి దిగింది. ఆ రోజు షెడ్డులో ప్రశ్న అడిగిన పెద్దావిడ మాత్రం ఇసకలోనే నిలబడి భయంగా చూస్తోంది.

సన్యాసమ్మ వెనక్కి వచ్చి చీర కుచ్చిళ్ళు పైకి దోపుకుని, ఆవిడ చెయ్యి పట్టుకుంది.

"రా వదినా," అంది తెలుగులోనే. "నేనున్నాగా."