కళ్లజోడు తీయని డాక్టరు

పట్టాభిరామయ్య గారు నూట పన్నెండు సినిమాల్లో డాక్టరు వేషం వేశారు. ఆపరేషన్ గదిలోంచి వచ్చి ఆయన కళ్లజోడు తీశారంటే, రోగి పోయినట్టే; హాల్లో ఆడవాళ్లు కళ్లొత్తుకోడానికి కొంగులు తీసేవాళ్లు. ఫిల్మ్‌నగర్‌లో ఎవరికి జ్వరమొచ్చినా ముందు ఆయన్నే అడిగేవాళ్లు. చదువుకున్న డాక్టర్లు మనం చెప్పేది పూర్తిగా వినరు. ఈయన కాఫీ ఇస్తే మొత్తం వినేవారు.

తొంభై ఒకటిలో ఓ పొద్దున, ఏడున్నరకి, డబ్బింగ్ చెప్పే బసవపున్నయ్య చేతిలోంచి కాఫీ గ్లాసు జారిపోయింది. కుడి చెయ్యి వేలాడింది. మూతి వంకరపోయింది. మాట ముద్దయింది. భార్య శేషారత్నం ముందు కొత్త తివాచీ తుడిచి, తర్వాత మొగుణ్ణి చూసింది.

ఆయన్ని స్టూడియోకి తీసుకెళ్లే కంపెనీ కారు గేటు ముందే ఉంది. డ్రైవర్ భిక్షం లోపలికి తొంగి చూశాడు.

"అమ్మా, ఇది పక్షవాతం. మా నాయినకు గిట్లనే అయింది. జల్ది దవాఖానకు పోదాం పాండ్రి."

"నువ్వు డ్రైవరువయ్యా. డాక్టరు గారిని అడగనీ."

రెండిళ్ల అవతల్నించి పట్టాభిరామయ్య గారు వచ్చారు. గడియారం చూసుకుంటూ నాడి పట్టుకున్నారు.

"ఇరవై నాలుగు గంటలు గడిస్తే గానీ ఏమీ చెప్పలేనమ్మా. కదిలించకండి."

"సార్, మీరు అసలు డాక్టరు కాదు గదా!" అన్నాడు భిక్షం.

"పెద్దవాళ్లతో అలాగేనా మాట్లాడేది?" అంది శేషారత్నం. డాక్టరు గారు కళ్లజోడు తీయలేదు. ఆమెకి అదే ధైర్యం.

మర్నాడు ఏడున్నర దాకా గడియారం ముందు కూర్చుని, అప్పుడు బంజారాహిల్స్‌లో ఆస్పత్రికి తీసుకెళ్లింది. అక్కడి డాక్టరు చిన్నపిల్ల. కళ్లజోడు కూడా లేదు.

"నిన్నటినుంచీ ఏం చేస్తున్నారండీ?"

"డాక్టరు గారు ఆగమన్నారు."

"ఏ డాక్టరు?"

శేషారత్నం పేరు చెప్పింది. ఆ పిల్ల కూడా సినిమాలు చూసేదే. కలం కింద పెట్టేసింది.

"మాట రావడం కష్టమండీ. నిన్ననే తెస్తే కొంతైనా మిగిలేదేమో."

మూడో రోజు పట్టాభిరామయ్య గారు బత్తాయిలు పట్టుకొచ్చారు. ఆయన సొంత గొంతు కీచుగా ఉంటుంది. తెరమీద ఆయనకి గొంతు బసవపున్నయ్యదే. ఇరవై నాలుగు గంటలు ఆగమని నూట పన్నెండు సార్లూ చెప్పింది ఆ గొంతే.

"సోమవారం నా డాక్టరు సీనుకి డబ్బింగ్ ఉంది, పున్నయ్యా," అన్నారాయన మంచం మీదకి వంగి. "నాకిప్పుడు గొంతెవరు?"

బసవపున్నయ్య నోరు తెరిచాడు. ఏమీ రాలేదు. ఎడం చెయ్యి మెల్లగా ఎత్తి, పట్టాభిరామయ్య గారి మొహమ్మీంచి కళ్లజోడు తీశాడు.

శేషారత్నం కొంగు తీసింది.