చెయ్యి తగిలిన పిట్టపిల్ల

తడి దుప్పటి దులిపి ఆమె దండెం మీద వేస్తుంటే కాళ్ళ దగ్గర ఏదో కదిలింది. భర్త సాక్సు జారిపడిందేమో అనుకుని వంగి చెయ్యి వేసింది. సాక్సు నోరు తెరిచి కీచుమంది.

పికిలిపిట్ట పిల్ల. పెరటి గోడకు పాకిన తీగలో నెలరోజులుగా గూడు కట్టుకుని ఉన్న జంటది. ఒంటినిండా ఈకలు వచ్చేశాయి, తోక మాత్రం ఎవరో కత్తిరించినట్టు పొట్టిగా ఉంది. అంటే ఇది పడిపోలేదు, దిగింది. ఈ జాతి పిల్లలు ఎగరడం పూర్తిగా రాకముందే గూడు వదిలేస్తాయి. కొన్నాళ్ళు పొదల్లో గెంతుతూ రెక్కలు సాధన చేస్తాయి. పెద్దవి వెంట తిరిగి మేపుతుంటాయి. డిగ్రీలో ఆమె చదివింది ఇదే. మళ్ళీ పొదలో పెట్టేసి, మనుషులు పక్కకు తప్పుకుంటే చాలు. పక్కింటి పిల్లి గోడ మీద కూర్చుని ఒళ్ళు నాక్కుంటోంది, అదొక్కటే చిక్కు.

"అయ్యయ్యో, చేత్తో పట్టుకున్నావా!" వంటింటి గుమ్మంలోంచి అత్తగారు కేకేసింది. "మనిషి చెయ్యి తగిలాక తల్లి దగ్గరికి రానివ్వదే. పొడిచి చంపేస్తుంది."

"రానిస్తుందత్తయ్యా. అదంతా ఉత్తమాట."

"నీకన్నీ తెలుసు మరి. ముట్టుకున్నావుగా, ఇక నువ్వే సాకు."

ఆ మాట పిట్ట గురించే అన్నది కాదు. ఈ ఇంటి చట్టమే అది. ఇక్కడ ఏ పనికి ఎవరి చెయ్యి మొదట తగిలితే ఆ పని వాళ్ళకే రాసిపెట్టినట్టు. కొత్తగా వచ్చిన రోజుల్లో, ముచ్చటపడి ఒకసారి నీళ్ళ ఫిల్టరు విప్పి కడిగింది. అప్పట్నుంచి దాన్ని ముట్టుకోవడం మిగతావాళ్ళకు చేతకాదు. మామగారు పోయేదాకా ఆయన మాత్రలు ఆమె డ్యూటీ. మొదటిరోజు ఏ మాత్ర ఎప్పుడో చెప్పిన పాపానికి. కూతురికి టైఫాయిడ్ వస్తే, తను పాఠాలు చెప్పే బడికి వారం సెలవు పెట్టింది. ఆ వారం ఎనిమిదేళ్ళయినా పూర్తి కాలేదు. "నీకు అలవాటైపోయింది కదా, మధ్యలో ఇంకెవరికి అప్పజెబుతాం?" అన్నారు ఆమె భర్త అప్పట్లో, ఎంతో మెత్తగా. తిట్టి ఉంటే ఎదురు తిరిగేదేమో. మెచ్చుకుని మరీ మెడకు తగిలించారు.

కాఫీ కప్పుతో ఆయన కూడా గుమ్మంలోకి వచ్చారు. ఇవాళ ఇంట్లోంచే పని. "అరెరె, పాపం! చెప్పుల డబ్బా ఉంటుంది చూడు, తీసుకురా" అన్నారు, డబ్బా ఉన్న అలమర పక్కనే నిలబడి. "పాలల్లో దూది ముంచి పట్టు."

"పాలు పట్టకూడదండీ. వీటికి పడవు. గొంతులో అడ్డంపడితే పోతుంది కూడా."

"ఎవరు చెప్పారు?"

"చదువుకున్నాను."

"ఎప్పుడో చదివావులే." ఫోను తీసి వేలితో పైకి కిందికి జరిపారు. "సరే, పాలొద్దట. గుడ్డు ఉడకబెట్టి మెదిపి, అరగంటకోసారి పెట్టాలట. పొద్దున్నుంచి చీకటి పడేదాకా."

ఎవరు పెట్టాలో ఆ ఫోనులో రాసిలేదు. రాయక్కర్లేదు కూడా.

"పదింటికి నేను బళ్ళో ఉండాలి. డెమో క్లాసు, నిన్న రాత్రి చెప్పాను."

"ఇవాళేనా అది? ఫోన్ చేసి రేపు వస్తానను."

"రేపు వేరేవాళ్ళని తీసుకుంటారు."

"తీసుకోనీ. నువ్వెళ్ళకపోతే ఆ బడేం మూతపడదు. ఇక్కడ ప్రాణం!"

"ఆ మాత్రం జాలి లేకపోతే ఆడపుట్టుక ఎందుకమ్మాయ్" అని అత్తగారు వంత పాడింది.

జాలి వాళ్ళది, చాకిరీ ఆమెది. పోనీ, నిజంగానే జాలి లేకపోతే ఎంత హాయిగా ఉండేది! అరచేతిలో ఆ చిట్టి గుండె గబగబా కొట్టుకుంటోంది. దాన్ని విసిరేసి వెళ్ళడం ఆమె వల్ల కాదని వాళ్ళకు తెలుసు. ఆమె ఎక్కడ మెత్తగా ఉంటుందో ఆ చోటే వెతికి మరీ బరువు పెడతారు. ఎనిమిదేళ్ళుగా ఎన్ని బడుల చుట్టూ తిరిగింది! "ఇంత గ్యాప్ ఎందుకొచ్చిందమ్మా?" అని ప్రతిచోటా అడిగేవాళ్ళే. ఈ ఒక్క హెడ్‌మిస్ట్రెస్సే "వచ్చి పాఠం చెప్పండి చూద్దాం" అంది.

కరెంటు తీగ మీద రెండు పికిలిపిట్టలు గోలగోలగా అరుస్తున్నాయి. ఒకదాని ముక్కున పురుగు వేలాడుతోంది.

ఆమె నడిచి వెళ్ళి, గోడకు పాకిన తీగ అడుగున గుబురుగా ఉన్న కొమ్మ మీద పిల్లను నిలబెట్టింది. అది తూలి, గోళ్ళతో పట్టుకుంది.

"అందరూ లోపలికి రండి" అంది. ఆ గొంతు ఆమెకే కొత్తగా ఉంది. ముగ్గురూ వంటింటి కిటికీ వెనక నిలబడ్డారు.

పిట్టలు రాలేదు. గడియారం మాత్రం నడుస్తోంది.

"చూశావా, నేను చెప్పలేదూ" అంది అత్తగారు.

"కదలకండి."

పైకి అలా అంది గానీ లోపల భయమే. ఇవి రాకపోతే పిల్లా పోతుంది, క్లాసూ పోతుంది. పైగా ఈవిడ మాటే నెగ్గి, చచ్చేదాకా వినిపిస్తుంది.

గోడ మీది తీగ కదిలింది. పురుగున్న పిట్ట దిగి, అటూ ఇటూ చూసి, పిల్ల నోట్లో కుక్కి ఎగిరిపోయింది. అది వెళ్ళిందో లేదో, రెండోది వాలింది.

"వచ్చిందే! మరి ఈ రెండోది ఎవరూ?"

"తండ్రి."

"తండ్రి కూడా మేపుతాడా?"

"మేపుతాడత్తయ్యా. ఎవరూ గుర్తు చెయ్యక్కర్లేదు."

ఆయన కప్పు అడుగున ఏముందో చూసుకున్నారు. తర్వాత నవ్వేశారు. "క్లాసు ఇక్కడే మొదలెట్టేశావే! సరే, గండం గడిచింది. కానీ ఆ పిల్లి సంగతేంటి? నువ్వు కాస్త ఓ కన్నేసి ఉండు, నాకు పదింటికి మీటింగుంది."

తనకూ పదింటికే. ఆ మాట ఇప్పుడే చెప్పింది, నిన్న రాత్రీ చెప్పింది. మూడోసారి చెప్పాలనిపించలేదు.

ముందుగదిలోకి వెళ్ళి ఆయన కుర్చీ తెచ్చి పెరటి గుమ్మంలో వేసింది. స్టూలు తెచ్చి దానిమీద ల్యాప్‌టాప్ పెట్టింది. ఛార్జరు వైరు సాగదీసి ప్లగ్గులో పెట్టింది.

"ఇదేంటి?"

"ఇక్కణ్ణుంచి గోడ బాగా కనబడుతుంది. పిల్లి దిగితే చప్పట్లు కొట్టండి. పిల్లని మాత్రం పట్టుకోవద్దు."

"మీటింగులో చప్పట్లేంటి? ఎవరైనా వింటే ఏమనుకుంటారు?"

"ఏదో ఒకటి అనుకుంటారు."

"అమ్మ ఉందిగా..."

"నాకు కళ్ళజోడు పెట్టుకున్నా గోడే కనబడదురా" అంది అత్తగారు, అప్పుడే గుర్తొచ్చినట్టు.

ఆమె బట్టలు మార్చుకుంది, పాఠం కోసం గీసుకున్న బొమ్మల చార్టు చుట్టి సంచిలో పెట్టుకుంది. చెప్పులు వేసుకుంటుంటే వెనక నుంచి "ఇదిగో, ఎంతసేపట్లో వస్తావ్?" అని వినిపించింది. క్లాసు అయ్యాక వస్తానని చెప్పి గేటు వేసింది.

వీధి చివరకు చేరుతుండగా ఇంటివైపు నుంచి చప్పట్లు మొదలయ్యాయి. మొదట మొహమాటంగా రెండు, తర్వాత గబగబా, మధ్యలో "హుష్, హుష్" అని ఆయన గొంతు. పిల్లి దిగినట్టుంది. ఆయన సరిగ్గా తరమగలరో లేదో. వెనక్కి తిరగడానికి ఒక కాలు అదంతటదే సిద్ధమైంది.

ఆమె రెండో కాలు ముందుకు వేసింది.